పేర్లత్త అద్దంలో పెట్టిన పేరు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ తెలీదు. అందరికీ పేర్లత్తే. ముప్ఫయ్యేళ్లుగా బడిపిల్లల చొక్కా జేబుల మీదా, చంటిపిల్లల దుప్పట్ల అంచుల మీదా పేర్లు కుట్టి బతికిన మనిషిని ఇంకేమని పిలుస్తారు? మొగుడు పోయేనాటికి కూతురికి మూడేళ్లు. అప్పుడు ఆవిడకు మిగిలింది ఒక పాత కుట్టుమిషను, అంతకంటే పాత మొండితనం.

బడి తెరిచే నెలలో జనం ఎగబడతారు కాబట్టి, ఆ ఏడు ఏ పేరు ఎక్కువ పోతుందో అంచనా వేసి ముందే గుడ్డపట్టీల మీద కుట్టి ఉంచుకునేది. ఒక్కో పేరు ఇరవై, ముప్ఫై. తల్లి వచ్చి పేరు చెప్పగానే పట్టీ తీసి జేబు మీద వేసి నాలుగంచులూ బిగిస్తే పని అయిపోయినట్టే. అంచనా తప్పడం అరుదు. పేర్ల నడక ఆవిడకు అంత బాగా తెలుసు. కొత్త పేరు ముందు మేడల్లో పుడుతుంది. ఐదేళ్లకు మేష్టర్ల ఇళ్లలోకి దిగుతుంది. ఇంకో ఐదేళ్లకు కొట్లవాళ్ల ఇళ్లకు, ఆ తరవాత మనలాంటి వాళ్ల ఇళ్లకు వస్తుంది. మన గడప తొక్కే వేళకు మేడల్లో వాళ్లు దాన్ని వదిలేసి ఇంకోటి ఎత్తుకుని ఉంటారు. పులిని చూసి నక్క వాత పెట్టుకుంటే, ఆ వాత మానేలోపు పులి చారలే మార్చేసుకుంటుందన్నమాట.

ఇంత తెలిసిన మనిషి సొంత బిడ్డ దగ్గర తెలివి చూపించబోయింది. కూతుర్ని కడుపున మోస్తున్న రోజుల్లో జడ్జిగారింటి నుంచి ఒక చిన్న దుప్పటి వచ్చింది, మనవరాలి పేరు కుట్టమని. మెత్తటి పేరు. చుట్టుపక్కల ఎవరూ వినని పేరు. కుడుతూ కుడుతూ దాని మీద మనసు పారేసుకుంది. నెల తిరక్కుండా కూతురు పుడితే అదే పెట్టింది.

"ఈ ఒక్కసారికి మనమే ముందు," అంది మొగుడితో.

"పెట్టుకో, పేరుకేం అద్దె కట్టాలా?" అని నవ్వాడాయన.

అక్కడితో ఆగినా బాగుండేది. కన్నతల్లి మురిపెం ఆగనిచ్చిందా? కొట్టు అద్దంలో మాదిరికి ఒక పట్టీ పెట్టాలి కదా అని గులాబీరంగు దారంతో, చుట్టూ తీగ అల్లి, కూతురి పేరే కుట్టి పెట్టింది. కడుపుతో ఉన్న ఆడవాళ్లు వచ్చి ఆ అద్దం ముందు నిలబడిపోయేవాళ్లు.

"ఎవరి పేరత్తా అది?"

"జడ్జిగారి మనవరాలిది. మా అమ్మాయిదీ అదే. కలిసొచ్చే పేరు," అనేది తల ఎగరేసి.

కూతురు బడికి వెళ్లేసరికి ఆమె తరగతిలోనే నలుగురు ఆ పేరువాళ్లు. కింది తరగతుల్లో అయితే లెక్కే లేదు. పట్టీలు వందల్లో పోయాయి. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టు, కూతురికి అపురూపంగా తెచ్చిన పేరును పేర్లత్తే ఊరందరికీ పంచి చవక చేసింది. అది అప్పుడు ఆవిడకు తట్టలేదు. గిరాకీ బాగుందని సంబరపడింది.

కూతురికి మాత్రం తట్టింది. నలుగురినీ వేరు చేయడానికి పంతులమ్మ ఒకదాన్ని పొడుగుదన్నది, ఒకదాన్ని కళ్లద్దాలదన్నది, ఇంకోదాన్ని బొద్దుదన్నది, ఈమెను పట్టీలమ్మాయి అన్నది. ఆ తరవాత టీవీ హాస్య నాటికల్లో ఇల్లు తుడిచే మనిషి ఎవరొచ్చినా ఆ పేరే పెట్టడం మొదలైంది. "నీకు ఇంకో పేరే దొరకలేదా?" అని పదిహేనో ఏట అడిగింది కూతురు. "నీ పేరుకేమే, బంగారంలాంటి పేరు," అంది తల్లి. అప్పట్నుంచి ఇంట్లో ఏ గొడవ మొదలైనా అక్కడికే చేరేది.

పిల్ల చదువుకుంది. పెద్ద ఆసుపత్రిలో ముందు కౌంటర్లో ఉద్యోగం తెచ్చుకుని, దగ్గరగా ఉంటుందని అక్కడే గది తీసుకుంది.

మొన్న ఆ ఆసుపత్రి యూనిఫాంల గుత్తేదారు పేర్లత్త దగ్గరికే వచ్చాడు. కోట్లు కుట్టి జేబు మీద పేరు ఎక్కించాలి. ఒక్కొక్కరి పేరూ కొలతలూ రాసిన జాబితాలు ఇచ్చిపోయాడు. ఆవిడ ఆత్రంగా కౌంటరు జాబితా తీసింది. పన్నెండు పేర్లు. కూతురి పేరు లేదు. నేల తుడిచేవాళ్ల జాబితా తీసింది. ఆ పేరు తొమ్మిదిసార్లు ఉంది.

కౌంటరని చెప్పి పిల్ల అక్కడ నేల తుడుస్తోందా? తొమ్మిది కొలతలూ చదివింది. ఏదీ కూతురిది కాదు. మళ్లీ కౌంటరు జాబితాకు వచ్చి, ఈసారి పేర్లు వదిలేసి కొలతలే చూసింది. ఏడో వరసలో దొరికింది. ఎడమ భుజం అర అంగుళం దిగువ, నడుము, చెయ్యి పొడుగు, అన్నీ ఏటేటా తన టేపుతో తానే కొలిచినవి. పక్కన ఇప్పుడు మేడల్లో ఆడపిల్లలకు పెట్టుకుంటున్న పేరు రాసి ఉంది.

ఫోను చేసింది. "ఎప్పుడు మార్చుకున్నావే?"

"ఏడాదైంది. కాగితాలన్నీ మారిపోయాయి."

"నాతో ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెప్తే ఏం చేస్తావు, ఏడుస్తావు. అక్కడ ఆ పేరున్న తొమ్మిది మంది నేల తుడుస్తారమ్మా. ఎవరైనా కేకేస్తే వాళ్లతో పాటు నేనూ తిరిగి చూడాలా? కోట్లు సరిచూడ్డానికి నువ్వే వస్తావటగా. అక్కడ నన్ను ఆ పేరుతో పిలవకు. నీకు దణ్ణం పెడతాను."

పేర్లత్త వెళ్లింది. ముందు తుడిచేవాళ్ల వంతు. వాళ్లంతా కూతురి కంటే ఏడాదో రెండేళ్లో చిన్నవాళ్లే. ఒకమ్మాయి జేబు మీది పేరు తడిమి చూసుకుంది.

"మా అమ్మ ఏదో కొట్టు అద్దంలో చూసి పెట్టిందంట ఈ పేరు. కలిసొస్తుందని ఆ కొట్టావిడే చెప్పిందంట. చూశారుగా ఎంత కలిసొచ్చిందో!"

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. పేర్లత్త నోట్లో గుండుసూదులున్నాయి కాబట్టి బదులు చెప్పే పని తప్పింది. సిగ్గుతో చచ్చిపోయింది మాత్రం నిజం. ఆ పిల్ల మొహం చూడలేక ఆమె కోటు అంచునే చూస్తూ పని కానిచ్చింది.

తరవాత కౌంటరు వాళ్లు వచ్చారు. అజమాయిషీ చేసే ఆయన కూడా పక్కనే నిలబడ్డాడు. ఏడో మనిషిగా కూతురు వచ్చి ఎదుట నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. తల్లి వైపు చూడకుండా గోడకేసి చూస్తోంది. ఇరవయ్యారేళ్ల కింద ఆ చెవిలో తాను మొదటిసారి పలికిన పేరు పేర్లత్త నాలుక చివరే ఉంది. దాన్ని మింగేసింది. ఏడో వరసలో ఉన్న పేరు పలికి, చివర మేడమ్ అని కూడా చేర్చి, "చేతులు కొంచెం ఎత్తండి," అంది.

కూతురి మొహం తేటపడింది. తల్లి ఎన్నిసార్లు పిలిచినా విసుక్కుంటూ పలికే పిల్ల, ఆ పిలుపుకు మాత్రం నవ్వుతూ చేతులెత్తింది.