ఎండతో నడిచే మోటారు చూడటానికి కోడుమూరు దాకా

మా కూతురు సుజాత ఫోన్ చేసి, "మా, డీజిల్ ఇంజిన్ అమ్మేసినాం. చేలో సోలార్ పలకలు పెట్టినాం" అని చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. ఉల్లినారు నాటి వారం కూడా కాలేదు. ఎండను నమ్ముకుని, ఉన్న ఇంజిన్‌ను అమ్ముకుంటారా? మబ్బు పడితే? కోతులు దూకి పలకలు పగలగొడితే? నారు ఎండిపోతే ఈ ఏడాది వాళ్ల గతేమిటి? నా కళ్లతో చూస్తే తప్ప మనసు నిలిచేలా లేదని, మగ్గం మీద సగం నేసిన చీరను అలాగే వదిలేసి బయల్దేరాను.

కమలాపురంలో పొద్దున ఆరింటికి బస్సెక్కి ప్రొద్దుటూరులో మారాను. నంద్యాల మీదుగా కర్నూలు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో డబ్బు కట్టే పని లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. అది యాడనో పడిపోయిందని నేను మూటంతా విప్పి కంగారు పడుతుంటే కండక్టర్ నవ్వాడు. "నిదానంగా ఎతుక్కో అవ్వా, కర్నూలు యాడికీ పోదు." కార్డు మూట అడుగున దొరికింది. ఎర్రగుంట్ల వైపు బొగ్గుతో కరెంటు చేసే చోట పొడుగాటి పొగగొట్టాలు కనిపించాయి. నంద్యాల దాటాక కొండల మీద గాలిమరలు. ఇవి విరిగి పడవు కదా అని వాటినీ భయంగానే చూశాను.

కర్నూలు నుంచి కోడుమూరుకు ఇంకో బస్సు, గంట పైన పట్టింది. అక్కడి నుంచి ఊరికి ఆటోలో ముప్పై రూపాయలు. అది బ్యాటరీ ఆటో, ఏ చప్పుడూ లేదు. "ఏమప్పా, ఇంజిన్ ఆడలేదే?" అన్నాను. "పోతాండాం గదవ్వా! చెట్లు ఎనక్కి పోతాండేది చూడు" అన్నాడు డ్రైవరు.

ఆ రాత్రి అల్లుడు మద్దిలేటి కంచం ముందు కూర్చుని నాకు అర్థమయ్యేలా చెప్పాడు. బొగ్గు, డీజిల్ కాల్చేకొద్దీ గాలిలో కార్బన్ పెరుగుతుందట, దాంతో ఎండలు ముదిరి వానలు గతి తప్పుతాయట. దాన్ని తగ్గిస్తామని మన దేశం మాటిచ్చింది కాబట్టే ఈ పలకలకు సర్కారు సబ్సిడీ ఇచ్చిందట. "మరి మబ్బు పడితే ఎట్లప్పా?" అన్నాను. "మబ్బు రోజు నేలకూ దాహం తక్కువే అత్తా" అన్నాడు. తల ఊపాను గానీ నమ్మకం కుదరలేదు.

మర్నాడు పొద్దున వాళ్లతోపాటు చేనికి వెళ్లాను. పైపు దగ్గర నీళ్లు ధారగా పడుతున్నాయి. స్నానం చేసి చీర ఉతుక్కున్నాను. మడత మీద ఆరేస్తే మడత దగ్గర రంగు వెలుస్తుందని మా మగ్గాల ఇళ్లలో చీరను పూర్తిగా పరిచి ఆరేస్తాం. చుట్టూ చూస్తే ఎర్రమన్నూ ముళ్లకంపలూ తప్ప ఏమీ లేవు. ఆ పలకలేమో అద్దాల్లా శుభ్రంగా, ఏటవాలుగా, వెచ్చగా ఉన్నాయి. గీతలు పడతాయేమోనని రాళ్లు కూడా పెట్టకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా పరిచి వచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాను.

కాసేపటికి సుజాత కేక వేసింది. "నీళ్లు నిలిచిపాయె!" నారు నాటిన మళ్లు సగం కూడా తడవలేదు. మద్దిలేటి స్టార్టర్ డబ్బా తెరిచాడు, మూశాడు, వైర్లు కదిపి చూశాడు. "నేను అనుకుంటానే ఉండా! ఇంజిన్ అమ్మకుండా ఉండాల్సిందని!" అనేశాను. అతను మెకానిక్‌కు ఫోన్ చేశాడు. "పలకల మీద నీడేమన్నా పడిందేమో చూడప్పా" అని అవతలి గొంతు మా ముగ్గురికీ వినిపించింది.

నాకు అప్పుడు తెలిసింది. మద్దిలేటి పలకల ముందు వైపుకి వెళ్లి, నా చీర భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. "ఈ కోక ఎవురిదో గానీ నేత శానా బాగుండాది అత్తా" అన్నాడు. సుజాత పొట్ట పట్టుకుని నవ్వింది. "సూర్యునికే ముసుగేసినావు గదమ్మా!" అంతలోనే పైపు గుర్రుమని దగ్గి, నీళ్లు చిమ్మింది. నేను తల ఎత్తలేకపోయాను.

సాయంత్రంలోపు అల్లుడు పలకలకు దూరంగా రెండు గుంజలు పాతి, నా చీర కోసం తాడు కట్టాడు. నేను అన్న మాటకు తిరిగి ఒక్క మాటా అనలేదు. ఆ తాడు చూసి నా కళ్లు చెమ్మగిల్లాయి. రాత్రి అతను అంత చెప్పినా నమ్మనిదాన్ని, నా చీర నీడకే నీళ్లు ఆగిపోతే నమ్మాను. నిజంగా ఎండే నీళ్లు తోడుతోంది. ఇంతకుముందు వచ్చినప్పుడు ఈ చేలో ఇంజిన్ పొగకు సుజాత కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మళ్లకు నీళ్ల మడవ తిప్పేది. ఇప్పుడు కొంగు నడుముకు దోపుకుని తిప్పుతోంది. ఈ ఎండకు, ఈ పలకలకు, అన్నిటికన్నా మంచి అల్లుడికి దండం. కోతుల భయం మాత్రం ఇంకా పోలేదు.

మీరూ ఇలాంటి చేను చూడటానికి వెళ్తే ఆధార్ కార్డు పైనే పెట్టుకోండి. బట్టలు ఆరేసుకోవడానికి ఒక తాడు కూడా వెంట తీసుకెళ్లండి. అందరికీ మా అల్లుడిలాంటి అల్లుడు దొరకడు.