అక్క మెస్సుకు వచ్చిన రెండు స్టార్లు

మా అక్క వడ్డిస్తుంటే తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. నాచారంలో, మల్లాపూర్ కార్ఖానాలకు పోయే దారిలో, ఆమే మా బావా కలిసి మెస్సు నడిపేవాళ్లు. నాలుగు బల్లలు, పైన రేకులు. వంట బావది, వడ్డన అక్కది. చాలమ్మా అని కంచానికి చెయ్యి అడ్డం పెట్టినా, ఆ చెయ్యి పక్కకు నెట్టి మరీ అన్నం వేసేది. వదిలేసి లేస్తే ఊరుకునేది కాదు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మాలాగే జిల్లాల నుంచి వచ్చి, గదుల్లో ఒంటరిగా ఉంటూ, లేత్ మెషీన్ల మీద పనిచేసుకునేవాళ్లు. అక్క చేత చీవాట్లు తిని, నవ్వుకుంటూ ఇంకో ముద్ద తిని పోయేవాళ్లు. నేను హబ్సిగూడలో ఒక ఆఫీసులో పనిచేసేవాణ్ని. మధ్యాహ్నం భోజనం అక్కడే. సొంత తమ్ముణ్ని కాబట్టి నాకు చీవాట్లు రెండు ఎక్కువే పడేవి.

ఇంతలో ఫోన్లలో హోటళ్ల గురించి రాసుకునే రోజులొచ్చాయి. ఎవరో పుణ్యాత్ముడు మా మెస్సును వెబ్‌సైటులోకి ఎక్కించి, పుంటికూర పప్పూ పచ్చిపులుసూ ఇంట్లో తిన్నట్టే ఉన్నాయని రాశాడు. ఇక ఆదివారం చూడాలి మా వైభోగం! హాస్టళ్ల పిల్లలు, ఉప్పల్ నుంచి కార్లలో కుటుంబాలు. బావ ఇంకో పొయ్యి కొన్నాడు. అక్క కొత్త చీర కట్టుకుని వడ్డించింది. ముక్కూ మొహం తెలియని మనిషి రాసిన నాలుగు వాక్యాలు పట్టుకుని ఇంతమంది వెతుక్కుంటూ వస్తారంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

అలా వచ్చినవాళ్లలో ఒక కుర్రాడు రెండు స్టార్లు ఇచ్చాడు. భోజనం బాగుందట. కానీ వడ్డించే ఆవిడ అడక్కుండా వేస్తుందట, వదిలేస్తే అందరి ముందూ గదమాయిస్తుందట. డబ్బులిచ్చి తినేది మాటలు పడటానికా అని రాశాడు. అంతా ఇంగ్లీషులో రాసి, అక్క తనతో అన్న మాటలు మాత్రం తెలుగులో, ఇంగ్లీషు అక్షరాలతో ఉన్నదున్నట్టు దించాడు: "ఏంది కొడుకా, గింతేనా తినేది? మీ అమ్మ సూస్తే ఏమనుకుంటది?" దాని కింద ఎవరెవరో నవ్వుతూ రాశారు.

అక్కకు చెప్పొద్దనుకున్నాం. కానీ ఆ ఆదివారం ఒక కుటుంబం గుమ్మంలోనే ఆగి, ఫోను చూసుకుని, అక్కను చూసి, "ఈవిడేనేమో" అని నవ్వుకుంది. అక్క నన్ను పక్కకు పిలిచింది.

"ఏం రాసిన్రు తమ్మీ?"

చదివి చెప్పాను. నిలబడే విన్నది.

"నేను గట్ల తిడ్తనా?"

లేదనబోయాను. అంతలోనే, "తిడ్త తియ్యి" అని తనే అనుకుని లోపలికి పోయింది. చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

మర్నాటి నుంచి అక్క గొంతు వినిపించడం మానేసింది. గరిటె పట్టుకుని పక్కన నిలబడి, "ఎయ్యాల్నా?" అని అడిగేది. వద్దంటే ముందుకు పోయేది. రోజూ వచ్చే ఒక కార్మికుడు ఉండబట్టలేక, "ఏంది అక్కా, మా మీద అలిగినవా?" అన్నాడు. "నీకెంత కావాల్నో నీకు తెల్వదా అన్నా" అంది అక్క, కళ్లెత్తకుండా. ఆయన తినీ తినకుండా లేచిపోయాడు. ఆదివారాలు మాత్రం జనం తగ్గలేదు. సర్వీసు మెరుగుపడిందని ఎవరో నాలుగు స్టార్లు కూడా ఇచ్చారు. అది చదివినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది.

"దాన్ని తీపియ్యి బామ్మర్దీ" అని బావ నా వెంట పడ్డాడు. "అది పోతే మీ అక్క మల్ల ఎప్పటి లెక్కయితది."

వెబ్‌సైటు వాళ్లకు రాశాను. అది తిన్న మనిషి అభిప్రాయం, అందులో అబద్ధం ఏముందో చెప్తే తీసేస్తామన్నారు. ఏం చెప్పను? అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కోపమైతే వచ్చింది గానీ, నేను మాత్రం తక్కువ తిన్నానా, కొత్త ఊరికి పోతే ఫోన్లో చూడందే ఏ హోటలు మెట్లూ ఎక్కను. నచ్చనివన్నీ తీసేస్తూ పోతే ఇక నేను చదివేదేముంటుంది? చివరికి ఆ కుర్రాడి మాటల కిందే, ఆవిడ చాలా బాధపడుతోంది, వీలైతే తీసెయ్యండి అని మర్యాదగా రాశాను. కొన్నాళ్లకు అది కనిపించలేదు. తనే తీసేసినట్టున్నాడు. మంచివాడే అయి ఉంటాడు.

సంబరంగా వెళ్లి చెప్పాను. అక్క బీరకాయలు తరుగుతోంది.

"ఫోన్లకెల్లి తీసిండు. ఆ పిల్లగాని మనసులకెల్లి తీసిండా?" అంది.

ఆ తర్వాత కూడా అడిగే వడ్డించింది.

తెలంగాణ వచ్చిన ఏడాది, వానలప్పుడు, అక్కకు డెంగీ వచ్చింది. దవాఖానాకు తన కాళ్ల మీద నడిచి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. బావ ఒక్కడూ నడపలేక మెస్సు మూసేశాడు. నేను సెలవు రోజుల్లో ఆయన దగ్గరకు పోయి కూర్చునేవాణ్ని.

ఒక రోజు ఉన్నట్టుండి అడిగాడు. "ఆ పిల్లగాడు రాసింది జర సదువు."

"ఎందుకు బావా, ఇప్పుడది? ఎప్పుడో తీసేసిన్రు గదా."

"ఎరికే. ఫోన్ల ఏడన్నో ఉంటది, దేవులాడు. దాంట్ల మీ అక్క మాట ఉండె. ఫోటోలున్నయి గని, ఫోటోలేం మాట్లాడుతయి?"

వెతికాను. మెస్సు శాశ్వతంగా మూసివేయబడిందని ఉంది. పుంటికూర పప్పు గురించి ఉంది. సర్వీసు మెరుగుపడిందన్నదీ ఉంది. అక్క మాట మాత్రం ఎక్కడా లేదు. తీయించింది మేమే. బావ నా మొహంలోకే చూస్తున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు.

"దొరికింది బావా" అన్నాను.

ఫోను కళ్ల ముందు పెట్టుకుని, గుర్తున్నంత వరకు చెప్పాను. అక్క అన్న మాటల దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఆగలేదు. బావ కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇంకోపారి సదువు."

మళ్లీ చెప్పాను. ఈసారి ఆ కుర్రాడు రాయని మాటలు కూడా కలిపాను. "తిను కొడుకా, తిని పో. నీ పని యాడికి పోదు."

బావ తల ఊపాడు.

"అవ్. గట్లనే అంటుండె."