రాగుల ఫ్యాను గాలికి నిలిచిన బొమ్మ

బాగేపల్లిలో శెట్ల టాకీసు అంటే ఇప్పటి పిల్లోళ్లకు తెలీదు గానీ, నలభై దాటినోళ్లను ఎవుర్నన్నా అడగండి, ముందు నవ్వుతారు. నవ్వి, "ఓహో, ఈరో మొగము ఆవిరి పట్టిన అద్దంలో చూసినట్ల కనబడే టాకీసు కదప్పా" అంటారు. ఇంగ రోంత సేపు నిలబెట్టి మాట్లాడిస్తే సులోచనమ్మ పేరు వస్తాది. "మసక బొమ్మ సులోచనమ్మ" అని ఊరు పెట్టిన పేరు ఆయమ్మకు. బస్టాండు ఎనకాల ఇడ్లీ అంగడి ఆయమ్మది. ఒకడు ఇడ్లీ తింటా తింటా, "ఏమ్మా, చెట్నీ గూడా మసగ్గా ఉండాదే" అన్నాడంట. వాని ముందరి తట్ట లాక్కోని, "పొయ్యి కండ్లద్దాలు పెట్టుకోని రా, అప్పుడు వడ్డిస్తా" అనిందంట. అట్లాటి నోరు.

ఆ పేరు యాడ్నుంచి వచ్చిందో చెప్పాల. ఆయమ్మ పుట్టింది మిట్టేమరిలో, రాగులు పండించే ఇంట్లో. చేసుకునింది మునినారాయణను. ఆయప్ప గూళూరు డేరా టాకీసులో మిషన్ ఆపరేటరు. పెండ్లయిన రోన్నాళ్లకు బాగేపల్లి శెట్లు పిలిచి వాళ్ల టాకీసులో పని ఇచ్చినారు. మిషన్ రూములో వేడి ఇట్ల అట్ల కాదు, ఇటికల బట్టీలో కూచున్నట్ల. ఆయప్పకు దగ్గు పట్టుకునింది. మొగునికి సద్ది తీసకపొయ్యే ఆడది, దగ్గర నిలబడి చూసి చూసి రీలు ఎక్కించేది నేర్చుకునింది. ఆయప్ప దగ్గుతా కూచుంటే తనే ఆట నడిపింది. "ఆడది మిషన్ తిప్పేదేమప్పా" అని కింద ఎవురో అంటే, కిటికీలోంచి తల బయట పెట్టి, "మీ ఇంట్లో రుబ్బేది ఎవురు, మీ నాయనా?" అనింది.

అయితే ఆ మిషన్‌కు ఒక జబ్బు ఉన్నింది. రీలు పైనుంచి దిగి లాంపు ముందర ఒక చట్రంలో నిలుస్తాది, దాన్ని గేటు అంటారు. ఆ లాంపు వేడికి రీలు నడిమి భాగము పెనం మీద అప్పళం మాదిరి లాంపు తట్టుకు పొంగుతాది. అంచులు చట్రంలో ఇరుక్కోని ఉంటాయి, నడిమిది ముందుకొస్తాది. ఇంగ నువ్వేం తిప్పినా అంతే. మొగము సరిచేస్తే అంచులు పోతాయి, అంచులు సరిచేస్తే మొగము పోతాది. కింద జనము ఈలలు. "ఫోకస్! ఏయ్ ఫోకస్!" అని కుర్చీలు తన్నేది.

మునినారాయణ ఒకసారి బెంగళూరు పొయ్యి ఒక పెద్ద టాకీసులో చూసొచ్చినాడు. ఆడ పెద్ద మిషన్‌కు ఒక గొట్టము పెట్టి, లాంపు తట్టునుంచి రీలు మీదికి గాలి ఊదుతాండారంట. పొంగే బొమ్మను గాలి ఎనక్కి నెట్టి చదరంగా నిలబెడతాదంట, వేడి గూడా లాగేస్తాదంట. ఆయప్ప ఆ సంగతి ఓనరు రామకృష్ణప్పకు చెప్పినాడు. "అట్లాటిది మనకూ పెట్టిస్తే బాగుంటాది సామీ" అన్నాడు. రామకృష్ణప్ప ఏమన్నాడు తెలుసా? "గాలి లేక కాదప్పా, నీ పెండ్లాము చెయ్యి పడి బొమ్మ చెడింది" అన్నాడు. జనాలున్న తావున, టిక్కెట్ కిటికీ కాడ. ఆ మాట ఊరు పట్టుకునింది. ఆ మాటకే ఆ మొగుడూ పెండ్లాము పని ఇడిసిపెట్టి బయటికొచ్చినారు. మునినారాయణ సచ్చిపొయ్యి శానా కాలమాయ. ఆ మాట మాత్రము సావలేదు.

ఇప్పటి సంగతికొస్తాం. టాకీసుకు రీలే లేని కొత్త డబ్బా మిషన్లు వచ్చినాయి, అవీ పొయినాయి, తలుపులు మూసేసినారు. రామకృష్ణప్ప కొడుకు గురుప్రసాద్ దాన్ని పడగొట్టి, చిక్కబళ్లాపురంలో ఉండేట్ల పెద్ద అంగళ్ల కట్టడం కట్టాలని పూనుకున్నాడు. చెడ్డోడు కాదప్పా, నవ్వు మొగము మనిషి. కాకపోతే నోరు మాత్రము వాళ్ల నాయనది. కూల్చే ముందర ఊరికంతా ఊరికే ఒక ఆట ల్యాప్‌టాప్ పెట్టి చూపిస్తానని చెప్పినాడు. పాత మిషన్‌ను గుజిరీ అంగడికి ఏస్తాండాడని తెలిసి సులోచనమ్మ నేరుగా టాకీసు కాడికి పొయింది, చేతికంటిన ఇడ్లీ పిండి గూడా కడుక్కోలేదు.

"ఏమప్పా గురుప్రసాదూ, మిషన్‌ను పాత ఇనుముకు ఏస్తాండావంట?"

"ఇంగేం చేయమంటావమ్మా? కావాలంటే ఒక చక్రం ఇస్తా, గుర్తుకు పెట్టుకో."

"ఒక చక్రం ఏంటికి, మొత్తం ఇయ్యి."

"ఏం చేస్తావు, దాంట్లో ఇడ్లీ ఉడకబెడతావా?"

"బొమ్మ ఆడిస్తా."

"మసక బొమ్మనా?" అన్నాడు.

చుట్టూ ఉండేవోళ్లు పగలబడి నవ్వినారు. సులోచనమ్మ వాళ్ల నవ్వు నిలవనిచ్చింది. తర్వాత అనింది: "ఆ ఊరికే చూపించే ఆట నీ ల్యాప్‌టాప్‌లో వద్దు. ఆ మిషన్ మీద నేను ఆడిస్తా. ఒక రీలు, మొదులు నుంచి కడా వరకు. బొమ్మ పొంగిందా, మిషన్ గుజిరీకి పోనీ. నా అంగడి బోర్డు మీద మసక బొమ్మ అని నేనే రాయించుకుంటా, నువ్వే వచ్చి చదువుకో. నిలిచిందా, మిషన్ నాది."

"సరే పో" అన్నాడు గురుప్రసాద్. ఓడేది యాడుందిలే అని.

మెట్ల కింద ఒక పాత రీలు పడి ఉన్నింది, రాజులూ కత్తులూ ఉండే రంగుల బొమ్మ. ఎండి, మునక్కాయ మాదిరి వంకర తిరిగింది. గేటులో పెట్టి లాంపు ఏస్తే ఎప్పటి కంటే రెండింతలు పొంగింది. ఆయమ్మకు మొగుడు చెప్పిన గాలి గొట్టమే మనసులో ఉండాది. గాలి అంటే ఎవురు? పంక్చర్ అంగడి నాగరాజ్.

"గాలి మిషన్ తెస్తానమ్మా, దాని ట్యాంకులో నిలిచిన నీళ్లు ఇడిసి తెస్తా" అన్నాడు నాగరాజ్.

"నీళ్లూ లేదు నిప్పూ లేదు, నడువు బిన్నా" అని తరిమింది. అదే చేసిన తప్పు.

టైర్లకు గాలి పట్టే మిషన్ మోసుకోని మెట్లెక్కినాడు నాగరాజ్. గొట్టం లాంపు తట్టునుంచి రీలు మీదికి పెట్టి ఇడిసినారు. గాలి కొట్టిందంటే కొట్టింది! పొంగిన బొమ్మ చాప పరిచినట్ల పరుచుకునింది. "చూడరా నాగరాజూ!" అని ఆయమ్మ అరిచింది. ఆ అరుపు నోట్లో ఉండంగానే గాలి జోరుకు బొమ్మ అవతలి తట్టుకు పొంగింది. ఆ ఎనకనే తెర మీద రాజు మొగాన చెమట కారింది. చెమట కాదు, ట్యాంకు అడుగున నిలిచిన నూనె నీళ్లు. రాజు కిరీటం కరిగి ముక్కు మీదికి దిగింది.

కింద నిలబడి చూస్తాన్న గురుప్రసాద్, "ఏం సులోచనమ్మా, రాజుకు తలకు పోస్తాండావా?" అన్నాడు.

"నీకు పోయలేదని సంతోషపడప్పా!" అనింది పైనుంచి. నోరు తగ్గలేదు గానీ, చెడిన ముక్క కోసి పారేసి, మిగిలిన రీలు ఎంత ఉండాదో చేత్తో కొలుచుకునింది. రీలు ఆ ఒక్కటే. ఇంగోసారి తడిస్తే ఆడించేదానికి ఏమీ మిగలదు.

అంగడికి రాగులు కావాలని మిట్టేమరికి, అన్న ఆంజనేయప్ప ఇంటికి పొయింది. ఆడ కళ్లంలో రాగులు తూర్పార పడతాండారు. కరెంటు లేదని, పిడి పట్టి చేత్తో తిప్పే పాత ఫ్యాను బయటికి తీసినారు. ఆంజనేయప్ప కోడలు రూప, కొత్తగా వచ్చిన పిల్ల, బలంగా గిరగిర తిప్పుతాండాది. పొట్టుతో పాటు రాగులు గూడా పొయ్యి దిబ్బ మీద పడతాండాయి.

"రాగులు పోతాండాయి కదమ్మా!" అని అరిచినాడు ఆంజనేయప్ప. "పొట్టు లేచేంత తిప్పు, గింజ లేచేంత కాదు."

సులోచనమ్మ చేట పట్టుకోని నిలబడిపొయింది. చిన్నప్పుడు ఇదే పిడి పట్టుకోని ఎన్ని రాగులు తూర్పార పట్టిందో. చెయ్యి గింజను చూస్తా తిరగాల, అంతే కదా. తాను బొమ్మను గాలితో కొట్టింది, మేకు దిగ్గొట్టినట్ల.

"అన్నా, ఈ ఫ్యాను నాకియ్యి."

"బాగేపల్లిలో రాగులు యాడివే నీకు?"

"రాగులు కాదు. బొమ్మను తూర్పార పడతా."

ఆంజనేయప్ప రూప మొగము చూసినాడు. రూప నేల చూసింది. చెల్లెలికి ఎండ తగిలిందనుకున్నారు పాపం. అయినా ఇచ్చినాడు.

ఫ్యాను నోటికి నూనె డబ్బా రేకు కోసి గరాటు మాదిరి చేసింది. దానికి ప్లాస్టిక్ పైపు, పైపు కొసకు ఒక రాగి గొట్టం, మూతిని సుత్తితో అణిచి సన్నగా చేసినది. ఫ్యానులో పొట్టు దుమ్ము రీలు మీద పడకూడదని గరాటు లోపల గుడ్డ రెండు మడతలు కట్టింది. ఆ గుడ్డ మునినారాయణ పంచె. ఎందుకు దాచిపెట్టిందో ఇన్నాళ్లు ఆయమ్మకే తెలీదు.

ఆదివారం పగటి పూట ఆట. ఊరంతా వచ్చింది, సగం మంది బొమ్మకు, సగం మంది మసకకు. మిషన్ రూములో సులోచనమ్మ ఒక్కతే. ఎడం చేత్తో ఫ్యాను పిడి, కండ్లు కిటికీలోంచి తెర మీద. రాజు వచ్చినాడు. మొగము రోంత ఉబ్బింది, పిడి జోరుగా తిప్పింది, నిలిచింది. అంచు చెదరబోయింది, మెల్లగా ఇడిసింది, నిలిచింది. రాజు మీసాల్లో ఒక్కొక్క ఎంట్రుక కనబడతాండాది. కింద ఈల లేదు. ఆ టాకీసులో ఈల లేకుండా జనము కూచునిందే కొత్త.

గురుప్రసాద్‌కు కుదురు లేకపాయ. ఫోన్‌లో వీడియో తీసుకుందామని, బొమ్మ చెదిరేటప్పుడు దగ్గరుండి నవ్వుదామని మెట్లెక్కినాడు. ఆయప్ప గడప దాటేది, మిషన్ కింద బెల్టు తెగేది ఒకేసారి ఆయ. ఆడిన రీలు కింద చక్రానికి చుట్టుకోకుండా నేల మీదికి కుప్పగా దిగతాండాది. అట్లే ఇడిస్తే చిక్కుపడి ఊడి వస్తాది. చక్రం చేత్తో తిప్పాల. తిప్పాలంటే ఫ్యాను ఇడవాల.

"అప్పా, ఫోన్ పెట్టు. పిడి పట్టుకో" అనింది.

"నేనా? నేను పట్టుకుంటే పందెం..."

"పందెం తర్వాత. ఇప్పుడు బొమ్మ పోతే కింద జనము నన్ను తిడతారా, నీ టాకీసును తిడతారా? కడా ఆట గూడా మసకేనా మీ ఇంటికి?"

ఆ మాట యాడ తగలాలో ఆడ తగిలింది. తెల్ల చొక్కా చేతులు మడిచి పిడి పట్టుకున్నాడు గురుప్రసాద్. పట్టుకోని బోరు మోటారు మాదిరి తిప్పినాడు. తెర మీద రాణి మొగము ఆవిరైపోయింది. కింద ఒకడు ఈలేసినాడు.

"రాగులు పోతాండాయప్పా! మెల్లిగా!"

"రాగులు యాడివమ్మా ఈడ?"

"రాణి మొగము చూడు! మొగము చూస్తా తిప్పు, నా మొగము కాదు!"

రోంత తగ్గించినాడు. రాణి వచ్చింది, ముక్కుపుల్ల మెరిసింది. "వచ్చిందమ్మా!" అన్నాడు గురుప్రసాద్, నోరు తెరిచి. "మాట్లాడొద్దు, తిప్పు" అనింది సులోచనమ్మ, కింద కూచోని రెండు చేతులా చక్రం చుడతా. ఒకరు పైన, ఒకరు కింద. చెమటలు కారి ఆయప్ప చొక్కా ఈపుకు అతుక్కునింది. ఆయమ్మ చీరంతా నూనె. రీలు కడాకు వచ్చింది, తెర తెల్లగాయ. కింద జనము చప్పట్లు కొడతాండారు, కుర్చీలు మాత్రము తన్నలేదు.

లాంపు ఆర్పి మెట్లు దిగంగానే గురుప్రసాద్ మాట మార్చినాడు. అందరి ముందర, నవ్వుతానే. "సులోచనమ్మా, బొమ్మ నిలిచింది, ఒప్పుకుంటా. కానీ సగం గాలి నాది కదా. పందెం చెల్లదు. మిషన్‌ను గుజిరీకి ఏయనులే, కొత్త కట్టడంలో అద్దాల డబ్బాలో పెడతా. నీ పేరు గూడా రాయిస్తా."

సులోచనమ్మ కొంగుతో చేతుల నూనె తుడుచుకునింది. టిక్కెట్ కిటికీ అట్లే ఉండాది ఎదురుగా.

"గురుప్రసాదూ, ఈ కిటికీ కాడ నిలబడి మీ నాయన ఏమన్నాడో నీకు తెలుసు. నా చెయ్యి పడి బొమ్మ చెడిందన్నాడు. ఈపొద్దు నా చెయ్యీ పడింది, నీ చెయ్యీ పడింది. చెడిందా?"

గురుప్రసాద్ కిటికీ తట్టు చూసినాడు.

"చెడలేదు కదా. అప్పుడు చెడింది చేతితో కాదు, గాలి పెట్టనందుకు. ఆ గాలి మీరు పెట్టలేదు, నేను మిట్టేమరి నుంచి తెచ్చుకున్నా. మిషన్ అద్దాల డబ్బాలో కూచునేదానికి కాదప్పా. నాకు పేరు రాయించొద్దు, ఉండే పేరు చెరిపితే సాలు. రేపు పొద్దున టెంపో తెస్తా."

"తీసకపోతే తీసకపో" అన్నాడు కడాకు. అని, ఏదో గుర్తొచ్చి మళ్లీ నవ్వు పట్టుకున్నాడు. "ఎట్ల తీసకపోతావు? మిషన్ లోపల పెట్టినంక గోడ కట్టించినాడు మా నాయన. ఆ తలుపులోంచి అది రాదు."

పొద్దున్నే వచ్చింది సులోచనమ్మ. టెంపోతో పాటు ఆంజనేయప్పా వచ్చినాడు, నాగరాజ్ వచ్చినాడు, మోకులు తెచ్చినారు. ఆయమ్మ చేతిలో గడ్డపార ఉండాది.

"ఏమ్మా, అదేంటికి?" అన్నాడు గురుప్రసాద్, తాళం చెవులు పట్టుకోని.

"ఎట్లైనా నువ్వు పడగొట్టేదే కదప్పా" అనింది. "మొదటి దెబ్బ నాది."

మెట్లెక్కి, జనము తట్టు కిటికీ ఉండే గోడ ముందర నిలబడింది. ఈలలు వచ్చే కిటికీ అది. కొంగు నడుముకు దోపి, గడ్డపార ఎత్తి పొడిచింది. సున్నం రాలింది. మళ్లా పొడిచింది. ఇటిక ఒకటి జారి కింద కుర్చీల మీద పడింది, ఆ ఎనకాలే, తెరిచి పెట్టిన టాకీసు తలుపుల్లోంచి వచ్చిన పొద్దు ఎలుగు ఆ సందులో దూరి మిషన్ మీద పడింది.

"మెల్లిగా పొడువమ్మా!" అని కిందనుంచి అరిచినాడు గురుప్రసాద్. "రాగులు పోతాయి!"

అప్పుడు మాత్రము నవ్వింది సులోచనమ్మ. నవ్వుతానే మళ్లా పొడిచింది, ఈసారి జోరుగా.