చిట్టి మీసాల తడి

నెల రోజులుగా ఊరు వెళ్ళి ఉన్న చేపలతను ఈ ఉదయం మళ్ళీ మా సందులోకి వచ్చాడు. సైకిలు వెనక అల్యూమినియం డేక్సా, దాని మీద తడి గోనెపట్టా, మా కిటికీ కింద ఆగి ఎప్పటిలాగే మాషీమా అని, బెంగాలీలో పిన్నిగారూ అన్నట్టు, ఒక్క కేక. మావారు చదువుతున్న పేపరు మడిచి లేచారు. వంటింటి గూట్లో బోర్లించి ఉన్న చిన్న స్టీలు గిన్నె తీసుకుని మెట్లు దిగి వెళ్ళారు. మా పిల్లి చిట్టి పోయి ఇరవై రోజులు దాటిందని ఆయనకు నేను గుర్తు చేయనక్కర్లేదు, దాన్ని తన చేతులతో గుంటలో దింపింది ఆయనే. అయిదు నిమిషాల తరువాత గిన్నెలో నాలుగు చిన్న చేపలతో పైకి వచ్చి, గిన్నె పొయ్యి పక్కన పెట్టి, మళ్ళీ పేపరు విప్పుకున్నారు. ఆ చేపలు ఇంకా అక్కడే ఉన్నాయి, నేను వాటికి వీపు పెట్టి కూర్చుని ఇది రాస్తున్నాను.

మా ఇంట్లోకి చేప వచ్చిందంటే మా బంధువుల్లో ఒక్కరు కూడా నమ్మరు. నలభై ఏళ్ళ క్రితం మావారికి ఇక్కడి ఓడరేవు ఆఫీసులో ఉద్యోగమై, నేను రేవు కూలీల పిల్లలు చదువుకునే తెలుగు బడిలో టీచరునై, కలకత్తాలో కాపురం పెట్టిన నాటినుంచీ మొన్నమొన్నటిదాకా మా ఇంటికి నీచు రాలేదు. ఈ ఊళ్ళో చేప తిననివాళ్ళను జబ్బుమనుషుల్ని చూసినట్టు చూస్తారు. పెళ్ళిళ్ళకు వెళితే మా ఆకుల ముందు నిలబడి అయ్యో అని జాలిపడేవాళ్ళు. మేమూ తక్కువవాళ్ళమేమీ కాదు, మనసులో వాళ్ళ మీద తిరిగి జాలిపడేవాళ్ళం. చేపలతని కేక వినబడగానే మావారు వీధివైపు కిటికీలు రెండూ మూసి, అతను మలుపు తిరిగాక తెరిచేవారు. నా ఈడువాళ్ళకు ఇలాంటి పట్టింపులు కొత్త కాదు, మీ ఇళ్ళలోనూ ఏదో ఒక కిటికీ అలా మూసే ఉంటారు.

అటువంటి ఇంట్లోకి పదమూడేళ్ళ క్రితం ఒక వానాకాలంలో చిట్టి వచ్చింది. మెట్ల కింద గుప్పెడంత బూడిదరంగు పిల్లికూన, తల్లి లేదు, అరవడానికి గొంతు కూడా లేదు. నేను పమిట చెంగులో పెట్టి పైకి తెచ్చాను. మాకు పిల్లలు లేరన్న సంగతి ఇక్కడ చెప్పి మీచేత అయ్యో అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు, కానీ చెప్పకపోతే తరువాతిది అర్థం కాదు. మావారు ఒక్కటే షరతు పెట్టారు. ఉండనీ, కానీ మనం తినేదే తినాలి. అలాగే పెరుగన్నం, నేతితో మెత్తగా కలిపిన పప్పన్నం, పాలు, అప్పుడప్పుడు ఒక అప్పడం ముక్క. చిట్టి వాసన చూసి, నాలుగు మెతుకులు తిని, మావారి వంక ఒకసారి చూసి వెళ్ళిపోయేది. మొహమాటానికి తిన్నట్టు తినేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం దాని మితాహారానికి మురిసిపోయాం.

ఊరినుంచి చుట్టాలు వస్తే మావారికి అది పెద్ద వేడుక. అందరినీ కూర్చోబెట్టి, చిట్టి ముందు పెరుగన్నం పెట్టి, అది నాలుగు మెతుకులు తినేవరకు ఊపిరి బిగబట్టి, ఆ తరువాత పెంపకం గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చేవారు. అన్నిటికన్నా ఎక్కువగా ఆయన చెప్పి చెప్పి అరగదీసిన ముచ్చట ఇంకొకటి ఉంది. చిట్టి రోజూ ఉదయం కిందికి తిరగడానికి పోయి పదింటికల్లా పైకి వచ్చేది, వచ్చేటప్పటికి దాని మూతీ మీసాలూ తడిగా ఉండేవి. చూశారా, భోజనానికి ముందు మొహం కడుక్కుని వస్తుంది, మనవాళ్ళలో ఎంతమంది కడుక్కుంటారు అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు. పన్నెండేళ్ళపాటు ఆ తడి మీసాలను చూసి గర్వపడ్డామే కానీ, పిల్లికి మొహం అంత శుభ్రంగా ఎవరు కడిగి పంపుతున్నారని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

మా కింది వాటాలో ఉండే బెంగాలీ ఆవిడను నేను బౌదీ అనేదాన్ని, వదినగారూ అన్నట్టు. ఇద్దరమూ గుమ్మాలు తీసి ఉంచుకునే రోజులవి. ఆవిడ చిట్టిని పుషూ అనేవారు. రెండు పేర్లకూ అది పలికేది. పోయిన ఏడు దుర్గాపూజలు అయ్యాక, భర్త పోయిన దుఃఖం తీరకముందే, కూతురు ఆవిడను న్యూ టౌన్‌లో పదిహేడో అంతస్తుకు తీసుకుపోయింది. వెళ్ళే ముందురోజు ఆవిడ పైకి వచ్చి, చాలాసేపు ఏవేవో మాట్లాడి, చివరికి చిన్నపిల్లలా తల వంచుకుని, పుషూను నాకు ఇస్తావా అని అడిగారు. నేను జవాబు చెప్పేలోపే మావారు నవ్వుతూ, మా చిట్టి శాకాహారి కదా, చేపల ఇంట్లో ఎలా బతుకుతుంది అన్నారు. బౌదీ నోరు తెరిచారు. మళ్ళీ మూసుకున్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇల్లు వదులుతున్న బాధ కాబోలనుకుని నేను భుజం నిమిరాను. ఆ నిమిషం నాకు ఇప్పుడు రోజుకు నాలుగుసార్లయినా గుర్తుకు వస్తుంది. ఇస్తానని ఉంటే ఎంత బాగుండేది.

చలికాలం నడిమధ్యనుంచి చిట్టి చిక్కిపోవడం మొదలుపెట్టింది. పదిసార్లు కిందికి దిగి, మూసి ఉన్న బౌదీ తలుపు దగ్గర కూర్చుని, ఒట్టి మీసాలతో పైకి వచ్చేది. గిన్నెలు గిన్నెలు నీళ్ళు తాగేది. ముసలితనం అనుకున్నాం. నేను పెరుగన్నంలో నెయ్యి ఎక్కువ వేశాను. మావారు మీగడ పెట్టారు. రెండూ వదిలేసేది.

ఎండలు మొదలయ్యే వేళకు, మూడు నెలల తరువాత అప్ప తిరిగి పనిలోకి వచ్చింది. అప్ప మా ఇంట్లో పాతికేళ్ళుగా పనిచేసే మనిషి, శ్రీకాకుళం సముద్రపు ఒడ్డువాళ్ళు, ఇక్కడ రేవు దగ్గరి మెటియాబ్రుజ్‌లో ఉంటారు, ఆమె పిల్లలు నా దగ్గరే అక్షరాలు దిద్దారు. మెట్ల మీద జారి కాలు విరగడంతో మంచాన ఉండిపోయింది. లోపలికి వస్తూనే చిట్టిని చూసి చీపురు అక్కడే పడేసింది.

“ఏటి టీచరమ్మా, ఇది ఇలగైపోనాదేటి? నాను లేనప్పుడు దీనికి ఎవలూ సేపెట్టనేదా?”

నాకు అర్థం కాలేదు. మావారికీ కాలేదు. అప్ప నేల మీద కూలబడి, చిట్టిని ఒళ్ళో వేసుకుని, ఏడుస్తూనే అంతా చెప్పింది. పిల్లగా ఉన్నప్పటినుంచీ బౌదీయే రోజూ ఉదయం రెండు చిన్న చేపలు దీని కోసం విడిగా ఉడకబెట్టి పెట్టేవారట. తిన్నాక, మాకు వాసన తెలియకూడదని, తడిగుడ్డతో మూతీ మీసాలూ తుడిచి పైకి పంపేవారట. వెళ్ళిపోతూ ఆ పని అప్పకు అప్పగించారట. అప్ప ఇంటినుంచి డబ్బాలో తెచ్చి మెట్ల కింద పెట్టేది, కాలు విరిగేవరకు.

“మీకు సెప్తే పిల్లిని గెంటేత్తారని బయవమ్మా. బౌదమ్మకీ అదే బయిం. మీరు మంచోలే గానీ, సేపంటే మీతోటి మాటాడనేం గదా.”

నేను అప్ప మాటలో చివరి ముక్క దగ్గర ఆగిపోయాను. ఇద్దరు ఆడవాళ్ళు పన్నెండేళ్ళు మమ్మల్ని ప్రేమిస్తూనే మాకు భయపడ్డారు. మేమేమో దాన్ని పెంపకం అనుకున్నాం.

పశువుల డాక్టరు నెమ్మదైన మనిషి. మూత్రపిండాలు పాడయ్యాయి, ఈ వయసు పిల్లులకు వచ్చేదే, మీ తిండివల్ల కాదు అన్నారు. అయితే మూడు నెలలు కడుపు మాడినందువల్ల తట్టుకునే బలం పోయిందని కూడా, నేను గుచ్చి గుచ్చి అడిగితే, చెప్పారు. మొదటి మాటను మావారు నాకోసం, నేను ఆయనకోసం పదే పదే చెప్పుకునేవాళ్ళం. రెండోది ఇద్దరమూ ఎత్తేవాళ్ళం కాదు.

ఇక అది బతికిన ఆ నాలుగు నెలలూ మా ఇంట్లో చిట్టి తినడం తప్ప వేరే విషయం లేదు. కిటికీలు మూసే మనిషి సందులో సైకిలు గంట కోసం చెవులు రిక్కించి కూర్చునేవారు. చేపలతను ఆయనను చూసి మొదట నవ్వాడు, పిల్లి జబ్బు సంగతి విన్నాక నవ్వడం మానేసి, ముల్లు తక్కువ ఉండే చిన్న చేపలు డేక్సా అడుగున విడిగా దాచి తెచ్చేవాడు. బాల్కనీలో వేరే కరెంటు పొయ్యి పెట్టాం, వేరే గిన్నె, వేరే గరిటె. వైశాఖంలో గాలివాన వచ్చి పొయ్యి తడిసిన రోజున మావారు గిన్నె తెచ్చి నా వంటింటి స్టవ్ మీద పెట్టారు. మా అత్తగారు చూసి ఉంటే ఏమనేవారో అని ఒక్క క్షణం అనిపించింది, అంతలో చేపలు ఉడికాయి.

బౌదీకి ఫోను చేసింది మావారే. ఆవిడ తుంటి ఎముకకు ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నారు, ఊరికి ఆ చివరినుంచి ఈ చివరికి రాలేరు. జీవితంలో ఎవరినీ క్షమాపణ అడగని మనిషి, “బౌదీ, తప్పు చేశాం” అని చెప్పి, ఫోను నా చేతికి ఇచ్చేశారు. ఆవిడ ఒక్క నిష్ఠూరం ఆడలేదు. పసుపు వద్దు, ఉప్పు వద్దు, ముల్లు వేలితోనే తీయాలి, చల్లారేదాకా ఊదాలి, తిన్నాక మూతి తుడవాలి, లేకపోతే నీకోసం వెతుక్కుంటుంది అని వరసగా చెప్పారు. నేను అన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఫోనులో బొమ్మ కనబడేలా పెట్టాక ఆవిడ పుషూ అని పిలిచినప్పుడు, గోడవైపు తిరిగి పడుకున్న చిట్టి చెవులు రెండూ ఇటు తిరిగాయి.

రోజూ సాయంత్రం చర్మం కింద సెలైను ఎక్కించాలి. బట్టలు ఆరేసే కొక్కేనికి సీసా తగిలించి, నేను చిట్టిని తువ్వాల్లో చుట్టి పట్టుకుంటే మావారు సూది గుచ్చేవారు. మొదటి రోజున సూది ఆయన వేలికే గుచ్చుకుంది. చిట్టి గింజుకునేది కాదు. గింజుకుంటే బాగుండుననిపించేది. మెడ వెనక నీళ్ళు మెత్తటి మూటలా చేరి, మెల్లగా ముందు కాళ్ళ వైపు జారుతుంటే, ఆయన తన అరచేతితో దాన్ని నిమురుతూ ఉండేవారు. కొన్నాళ్ళు కోలుకుంది కూడా. ఒకరోజు రెండు చేపలూ పూర్తిగా తిని ఆయన ఒళ్ళో ఎక్కి పడుకుంటే, కాలు తిమ్మిరెక్కినా రెండు గంటలు కదలకుండా కూర్చున్నారు.

చివరి నాలుగు రోజులు ఏమీ తినలేదు. చేపలతను ఊరెళ్ళడంతో మావారు బజారునుంచి తెచ్చిన చేప ఊది ఊది మూతి దగ్గర పెట్టాను. తల తిప్పుకుంది. వేలితో పెదవికి రాశాను. నాకలేదు. మావారు, పాపం, ఎందుకైనా మంచిదని కాస్త పెరుగన్నం కూడా కలిపి తెచ్చారు, దాని వంక ఒకసారి చూసింది, పాత మొహమాటం కొద్దీ అనుకుంటాను, మూతి వంచి వాసన చూసింది. ఆయన అక్కడినుంచి లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు. తినకపోయినా సరే అని నేను గుడ్డ తడిపి, బౌదీ చెప్పినట్టే మూతీ మీసాలూ తుడిచాను. చిట్టి గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకుంది, పన్నెండేళ్ళు ఎవరిచేతనో అలా తుడిపించుకున్న అలవాటు. ఆ మధ్యాహ్నమే, మీసాలు ఇంకా ఆరకముందే పోయింది. మేడ వెనక ఖాళీ స్థలంలో అప్ప కుంటుతూనే గుంట తవ్వింది.

సాయంత్రం బౌదీకి ఫోను చేశాను. ఆవిడ “ఖేయేఛే?” అని ఒక్క మాట అడిగారు. పోయేముందు తిన్నదా అని. ఇన్నేళ్ళు మా ఇంటి పరువు కోసం, మా మనసు నొచ్చకుండా ఉండడం కోసం, పిల్లి మూతి తుడిచి పంపిన మనిషి మంచం మీదనుంచి అడుగుతున్నారు. తిన్నది బౌదీ, రెండూ తిన్నది, మూతి తుడిచాను అన్నాను. సగమే నిజం. ఆవిడ, అయితే ఆకలితో పోలేదన్నమాట అని గట్టిగా ఊపిరి వదిలారు.

ఇప్పుడు బౌదీ వాటాలోకి కొత్తగా ఒక జంట వచ్చారు, సాల్ట్ లేక్‌లో ఉద్యోగాలు, మర్యాదస్తులు, ఎదురుపడితే నమస్కారం పెడతారు. వాళ్ళ తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. తప్పు పట్టడం లేదు, కాలం అలాంటిది, ఒకరి పిల్లి ఇంకొకరి వంటింట్లోకి పోయే రోజులు కావు. మా తెలియనితనాన్ని అంత ప్రేమగా కాపాడేవాళ్ళు మాత్రం ఇక మాకు లేరు. ఈ ఉదయందాకా ఇల్లు మళ్ళీ మేము కోరుకున్నట్టే ఉంది, నీచు వాసన లేకుండా.

ఉదయం మావారు కిందికి వెళ్ళినప్పుడు నేను కిటికీ దగ్గరే ఉన్నాను. చేపలతను డేక్సా అడుగునుంచి నాలుగు చేపలు ఏరి గిన్నెలో వేస్తూ, పిల్లి బాగుందా, తింటోందా అని అడిగాడు. మావారు అబద్ధం ఆడగా ఇన్నేళ్ళలో నేను వినలేదు. గిన్నె రెండు చేతులతో పట్టుకుని, చేపల వంకే చూస్తూ, తింటోంది అన్నారు.