రాబోయే చెవి కోసం ఆగిన మనిషి

కత్తెర బాబాయికి వినిపించడం లేదన్న సంగతి ముందుగా పట్టుకున్నది ఆయన కూతురు. అప్పటికే చాలాకాలంగా ఆయన మమ్మల్నందరినీ మాయ చేస్తూ వచ్చాడు. వయసులో నాకంటే చిన్నవాడే అయినా, వీధంతటికీ బాబాయి కాబట్టి నాకూ బాబాయే.

ఆయన సెలూన్ ఒక చిన్న గది. ఎదురుగా గోడంతా అద్దం, దాని ముందు ఒక కుర్చీ, వెనక వచ్చినవాళ్లు కూర్చోవడానికి బల్ల, మూలన టీవీ. నేను పుస్తకం పట్టుకుని ఆ బల్ల మీద కూర్చున్న రోజులు ఎక్కువ, నా తల మీద కత్తిరించడానికి ఏమైనా ఉన్న రోజులు తక్కువ. కుర్చీలో ఉన్న మనిషితో బాబాయి ఎప్పుడూ అద్దంలోకి చూస్తూనే మాట్లాడేవాడు. అదొక మర్యాద అనుకునేవాళ్లం. తర్వాత తెలిసింది, ఆయన అద్దంలో చూసేది మన పెదాలనని. తల వంచినవాడి పెదాలు కనబడవు కదా. అలాంటప్పుడు ఆయన దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది: "అంతేగా మరి." ఎండలు మండిపోతున్నాయన్నా అంతేగా మరి, ధరలు పెరిగాయన్నా అంతేగా మరి. లోకంలో సగం కబుర్లకు ఆ జవాబు చక్కగా సరిపోతుంది.

ఒకరోజు సరిపోలేదు. ఫొటో స్టూడియో ఆయన మెడ మీద కటింగ్ మిషను పెట్టించుకుంటూ, గడ్డం గుండెకు ఆనించి, "మా మామగారు పోయారు బాబాయ్" అన్నాడు.

"అంతేగా మరి. ఈ ఎండలకి ఇక హాయిగా ఉంటుంది" అన్నాడు బాబాయి, జుట్టు గురించి అనుకుని.

స్టూడియో ఆయన నొచ్చుకోలేదు, నవ్వనూ లేదు. "హాయిగానే ఉంది, కాదనను" అన్నాడు నెమ్మదిగా. బల్ల మీదివాళ్లం నవ్వు ఆపుకోలేక చచ్చాం. గుమ్మంలో ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ కూతురు మాత్రం నవ్వలేదు. తండ్రి వెనకగా వచ్చి "నాన్నా" అంది. దువ్వెన దులుపుకుంటున్నాడు. ఇంకొంచెం గట్టిగా "నాన్నా" అంది. దువ్వెన దులుపుకుంటూనే ఉన్నాడు. ఆ మధ్యాహ్నమే షట్టర్ దింపించి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

చెవి పరీక్షలు చేసే అమ్మాయి ముక్కుసూటి మనిషి. "చెవి వెనక పెట్టుకునే మిషను ఇప్పుడే పెట్టుకుంటే మీకు చక్కగా పనిచేస్తుంది. వాయిదా వెయ్యకండి. ఎక్కువ కాలం మాటలు వినకపోతే మెదడుకి మాటను పట్టుకునే అలవాటు తప్పుతుంది. ఆ తర్వాత మేం చప్పుడు పెంచగలం గానీ మాటను వెనక్కి తేలేం" అని చెప్పిందట. కూతురు ఈ మాటలు నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. అందుకే నాకు గుర్తున్నాయి.

డబ్బుకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా సిగ్గు. రోజంతా అద్దం ముందు నిలబడే మనిషికి తన చెవి వెనక తగిలించిన మిషను రోజంతా తనకే కనబడుతుంది. "చెవిటివాడి చేతిలో కత్తి ఉందంటే మెడ ఎవడిస్తాడమ్మా?" అన్నాడు. కూతురు బతిమాలింది, అలిగింది, చివరికి "నీ మనవరాలు ముద్దుముద్దుగా మాట్లాడుతుంటే అంతేగా మరి అంటావా?" అని అడిగింది. ఆ దెబ్బకు మెత్తబడ్డాడు. సరే, వచ్చే వారం వెళ్దామన్నాడు.

ఆ వారంలోనే అల్లుడు నోరు విప్పాడు.

అల్లుడు ఫర్నిచర్ కొట్టులో లెక్కలు చూసే మనిషి. ఫోన్లు తయారుచేసేవాడూ కాదు, అమ్మేవాడూ కాదు. కానీ ఒక పెద్ద ఫోన్ల కంపెనీ తర్వాత ఏం బయటపెడుతుందో ఆ కంపెనీ కంటే ముందు తనకే తెలియాలని ఆయన పట్టుదల. మనిషి మంచివాడు. చెడ్డవాడైతే మామగారు ఆయన మాట వినేవాడే కాదు, ఇంత కథ ఉండేదే కాదు.

"మామయ్యా, తొందరపడకండి" అన్నాడు సెలూన్లోనే, అందరి ముందూ, అద్దంలోకి చూస్తూ. "రెండు నెలల్లో వాళ్ల కొత్త వస్తువుల ప్రకటన ఉంది. ఈసారి ఇయర్‌బడ్స్‌లోనే వినికిడి మిషను పెట్టేస్తున్నారు. కుర్రాళ్లు పెట్టుకు తిరిగేవే. మీరు పెట్టుకుంటే పాటలు వింటున్నారనుకుంటారు తప్ప ఇంకేమీ అనుకోరు."

"ఎవరు చెప్పారు?" అంది కూతురు.

"లీకయింది."

"ఏదీ, చూపించండి."

ఫోన్ చూపించాడు. చీకటి బల్ల మీద తెల్లగా ఏదో ఉంది, సగం కోసేసిన ఫొటోలో.

"ఇది సబ్బుపెట్టె మూత" అంది ఆమె.

"ఫ్యాక్టరీలో పనిచేసేవాడు దొంగతనంగా తీశాడే ఇది."

"ఏ ఫ్యాక్టరీ? సబ్బులదా?"

అందరూ నవ్వారు. బాబాయి నవ్వలేదు. ఫొటో వంకే చూస్తున్నాడు. పాటలు వింటున్నారనుకుంటారు అన్న మాట అల్లుడి పెదాల నుంచి తడబడకుండా పట్టుకున్నాడని ఆ చూపులోనే తెలిసింది. మనకు కావలసిన మాట ఎంత చెవుడున్నా లోపలికి దిగుతుంది.

ఇన్నేళ్లొచ్చాక నాకు కోపం రావడం తగ్గింది. ఈ విషయంలో మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. చూడండి, కంపెనీవాడు ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎవడో ఊహించాడు. ఇంకొకడు ఆ ఊహను వార్తగా రాశాడు. మూడోవాడు ఖాయమన్నాడు. నాలుగోవాడు ఏ రంగులో వస్తుందో చెప్పాడు. కంపెనీ అబద్ధమాడిందని ఎవరూ వేలెత్తి చూపలేరు, దాని నోరు మూసే ఉంది. నోరు మూసుకుని కూర్చుని, జీతం బత్తెం లేకుండా ఊరూరా ఇలాంటి అల్లుళ్ల చేత డప్పు వేయించుకోవడం ఎంత తెలివైన పనో ఆలోచిస్తే ఒళ్లు మండుతుంది. మా వీధిలో ఆ రెండు నెలలూ ఎవరూ ఏదీ కొనలేదు. బట్టల కొట్టులో పనిచేసే అమ్మాయి పగిలిన ఫోన్ చెంపకు ఆనించి మాట్లాడి గీరుకుపోయిన చెంపతో తిరిగింది, కొత్తది వస్తోంది కదా అని. చెంప మానుతుంది. నా బాధ చెవి గురించి.

ప్రకటన రోజు సాయంత్రం సెలూన్ కిక్కిరిసిపోయింది. టీవీలో ఒకాయన వేదిక మీద అటూ ఇటూ నడుస్తూ, చేతులు కలుపుతూ, విడదీస్తూ మాట్లాడాడు. ప్రతి వాక్యానికీ చప్పట్లు. బాబాయికి అవేవీ వినబడవు. ఆయన టీవీ వైపు చూడనే లేదు, అల్లుడి మొహం వైపే చూస్తూ కూర్చున్నాడు. పరీక్షా ఫలితం కోసం మాస్టారి మొహం చూసే పిల్లవాడిలా. ఇయర్‌బడ్స్ వచ్చాయి. కొత్త రంగు వచ్చింది. డబ్బా మునుపటికంటే చిన్నదయింది. వినికిడి ఊసు లేదు. అల్లుడి మొహం వాడిపోవడం చూసి బాబాయి లేచి, ఎవరూ అడక్కపోయినా నేల ఊడ్చాడు.

తెల్లారేసరికి అల్లుడి మొహం మళ్లీ వికసించింది. "వాళ్ల దగ్గర తయారుగానే ఉందట మామయ్యా. ఏవో అనుమతుల కోసం ఆపారట. ఇప్పుడు ఆ పాత రకం కొన్నారంటే అది వచ్చిన రోజున బాధపడేది మీరే."

"నాన్న రేపే మిషను పెట్టుకుంటాడు" అంది కూతురు.

"ఇన్నాళ్లు ఆగాం కదమ్మా" అన్నాడు బాబాయి.

ఇన్నాళ్లు ఆగాం కాబట్టి ఇంకొన్నాళ్లు. ఆశకు ఉన్న దరిద్రపు లెక్క అదే. పోయిన కాలాన్ని వెనకేసుకున్నట్టు చూపించి, మిగిలిన కాలాన్ని కూడా లాక్కుంటుంది.

ఆ ఏడాది మధ్యలోనే బడి మాస్టారి సంగతి జరిగింది. ఆయనకు కుడి చెవి పైన పాత గాయం మచ్చ ఉంది, అరచేతి వెడల్పు. పైన జుట్టు కాస్త పొడుగ్గా ఉంచి కప్పుకునేవాడు. అది బాబాయికి తెలియదు, ఎందుకంటే మాస్టారు కొత్తగా వచ్చినవాడు. చెప్పాడు, చెప్పలేదని కాదు. తల వంచుకుని, గడ్డం కింద గుడ్డలోకి, "కుడివైపు మాత్రం పొట్టి చెయ్యకు బాబూ, అక్కడొక మచ్చ ఉంది" అని చెప్పాడు. నేను విన్నాను. బాబాయి "అంతేగా మరి" అన్నాడు. నేను పుస్తకంలోంచి తలెత్తి లేచేలోపు కటింగ్ మిషను ఆ పక్కంతా ఒక్క గీతలో నున్నగా చేసేసింది.

మాస్టారు అద్దంలో చూసుకున్నాడు. జేబులోంచి చేతిరుమాలు తీసి, మడిచి, చెవి మీద పెట్టుకుని వెళ్లిపోయాడు. బాబాయి నావైపు తిరిగి, "ఏమన్నాడు అన్నగారూ? నాకేమన్నా చెప్పాడా?" అని అడిగాడు. చెప్పాను. మిషను ఆపడం మరిచిపోయి చాలాసేపు అలా చేతిలో పట్టుకునే నిలబడ్డాడు. అది మోగుతూనే ఉంది, ఆయనకు వినబడడం లేదు.

మర్నాటి నుంచి మెడకు కత్తి పెట్టడం తనంతట తనే మానేశాడు. గడ్డాలకు వచ్చేవాళ్లను పక్క వీధికి పొమ్మనేవాడు. కూతురు ఆసుపత్రి మాటెత్తితే, "ఇంకెంత, వచ్చేస్తోందిగా" అనేవాడు. ఆయనది ఇప్పుడు ఉత్త సిగ్గు కూడా కాదు. ఇంత నష్టపడ్డాక ఆ వస్తువు రాకపోతే తన ఆగడమంతా దండగ అవుతుందన్న భయం.

వచ్చింది. ఎగతాళి చూడండి, నిజంగానే వచ్చింది. రెండో ఏడాది ప్రకటనలో ఆ వేదిక మీది మనిషి చెవి బొమ్మ చూపించాడు. అల్లుడు లేచి చప్పట్లు కొట్టాడు, బాబాయిని కావలించుకున్నాడు. "నేను చెప్పానా లేదా?" అని కూతురిని అడిగాడు. ఆమె అప్పటికే ఫోన్‌లో కంపెనీవాడి పేజీ తెరిచి, అట్టడుగున చీమల బారులా ఉన్న అక్షరాలు చదువుతోంది.

"వినికిడి కొద్దిగానో, మధ్యరకంగానో తగ్గినవాళ్లకు మాత్రమే" అని పైకి చదివింది.

"మామయ్యది మధ్యరకమే కదా" అన్నాడు అల్లుడు.

"పోయినేడు" అంది ఆమె.

మర్నాడు పరీక్షకు నేనూ వెళ్లాను. పరీక్షలు చేసే అమ్మాయి గీతలు గీసిన కాగితం చూసి, ఆ ఇయర్‌బడ్స్ ఈయనకు ఇక పనికిరావని చెప్పింది. అల్లుడు నమ్మలేక, "పోయినేడైతే సరిపోయేవా అండీ?" అని అడిగాడు.

"సరిపోయేవి. కానీ పోయినేడు అవి లేవు. నా దగ్గరున్న మిషను ఉంది. అదీ సరిపోయేది."

బాబాయి ఒక్కొక్కరి మొహమూ చూసి, ఎవరి పెదాలూ కదలకపోయేసరికి, విషయం అర్థం చేసుకున్నాడు.

చెవి వెనక మిషనే పెట్టారు, ఇంకొంచెం పెద్దది. మొదటి రోజు ఫ్యాను, కుళాయి, కత్తెర అన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయన్నాడు. మాటలు మాత్రం గోడ అవతల నుంచి వస్తున్నట్టున్నాయట. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. రోజూ సాధన చెయ్యాలని, ఎంతవరకు వస్తుందో చెప్పలేనని ఆ అమ్మాయి అంది. కూతురు సాయంత్రాలు తన పెదాలు కనబడకుండా వెనక నిలబడి గిన్నె, గడప, గొడుగు అంటూ ఒక్కొక్క మాటా పలుకుతుంది. ఆయన సరిగా చెబితే "శెభాష్ నాన్నా" అంటుంది. తప్పయితే మళ్లీ పలుకుతుంది. పలుకుతూ అప్పుడప్పుడు కళ్లు తుడుచుకుంటుంది. ఆయన వెనక్కి తిరగడు కాబట్టి చూడడు.

మిషను పెట్టుకున్నాక కూడా గడ్డానికి ఎవరూ రాలేదు. అది చూడలేక ఒక ఆదివారం అల్లుడే వచ్చి, బల్ల నిండా జనం ఉండగా, కుర్చీలో కూర్చుని "గీయండి మామయ్యా" అని మెడ చాచాడు. తన తప్పు కడుక్కోవడానికే వచ్చాడని అందరికీ తెలిసింది. నాకు కూడా ఆ క్షణంలో ఆయన మీద కోపం పోయింది. బాబాయి నురగ రాసి, కొత్త బ్లేడు వేసి, కుడి చెంప అద్దంలా గీశాడు. బల్ల మీద ఇద్దరు ముగ్గురు తమ గడ్డాలు నిమురుకోవడం చూశాను, తర్వాత మనమే అన్నట్టు.

అప్పుడు అల్లుడు ఉండబట్టలేక, నురగలోంచే ఏదో అన్నాడు. బాబాయికి అందలేదు. కత్తి పైకెత్తి కూతురి వైపు చూశాడు. "ఏమంటున్నాడే?"

ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. మొగుడి పరువు కాపాడటానికి ఒక్క అక్షరం కూడా మింగలేదు. "బాగా తగ్గిపోయినవాళ్లకు కూడా వచ్చే ఏడాది వస్తుందట నాన్నా. లీకయిందట."

బాబాయి కత్తి తుడిచి, మూసి, గట్టు మీద పెట్టాడు. అల్లుడి మెడ చుట్టూ ఉన్న గుడ్డ విప్పి దులిపాడు.

"లే అల్లుడూ."

"ఇంకా ఈ పక్క ఉంది కదా మామయ్యా."

ఆ మాట బాబాయికి వినబడిందో, అద్దంలో చూశాడో నేను చెప్పలేను. "ఆ పక్కకి వచ్చే ఏడాది మంచి కత్తి వస్తుందట. తొందరపడకు" అన్నాడు.

అల్లుడు నవ్వాడు. ఎవరైనా తోడు నవ్వుతారేమోనని బల్ల వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు. తర్వాత లేచి, ఒక చెంప మీద నురగతోనే వీధిలోకి నడిచాడు. బాబాయి తర్వాతి మనిషిని పిలిచాడు. మిగతా సగం ఆ రోజు ఎవరు గీశారో నాకు తెలియదు.