ఏడుపుకి కొట్టిన చప్పట్లు

నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే వేరేవాళ్ళు రాస్తున్నారు. నా గొంతు బొంగురు. పుట్టుకతో వచ్చింది కాదు, చేలల్లో కూలీలను కేకేసి కేకేసి అరిగిపోయింది. అయినా మా పల్లెలో ఎవరింట్లో మనిషి పోయినా నాకే కబురు వచ్చేది. నేను వెళ్ళి శవం పక్కన కూర్చుని రాగం తీస్తే, అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్న కోడళ్ళు కూడా ఘొల్లుమనేవారు. ఇదేమీ కూలికి చేసే పని కాదు. మావైపు ఆడవాళ్ళందరూ ఏడ్చేది అలాగే. పోయినవాణ్ణి వరస పెట్టి పిలుస్తూ, వాడు తిన్నదీ తిరిగిందీ చెప్పుకుంటూ, రాగం మీద ఏడుస్తాం. ఒకరు ఎత్తుకుంటే పక్కవాళ్ళు మెడ మీద చెయ్యి వేసి అందుకోవాలి. అందుకోకుండా చూస్తూ కూర్చుంటే ఆ ఇంటితో మాటలు తెగినట్టే లెక్క.

ఊళ్ళో అందరి కోసం అలా ఏడ్చినదాన్ని, నా మొగుడి కోసం ఏడవలేకపోయాను.

ఆయన పోయింది ఇక్కడే, ఈ పరాయి దేశంలో, ట్రుగనీనా అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో. ఊళ్ళో ట్రాక్టరు తోలిన మనిషి. ఇక్కడికొచ్చాక చేతికి పని లేక, పొద్దున్నే టీ తాగి గోడౌన్ల రోడ్డు చివరికి వెళ్ళి నిలబడేవాడు. పెద్ద పెద్ద లారీలు వస్తుంటే హారన్ కొట్టమని చెయ్యి పైకెత్తి తాడు లాగినట్టు చూపించేవాడు. డ్రైవర్లు హారన్ కొట్టేవారు. "ఇయ్యాల ఎర్రబండోడు రెండుసార్లు కొట్టాడే" అని ఇంటికొచ్చి మురిసిపోయేవాడు. ఒకరోజు అలాగే వెళ్ళొచ్చి సోఫాలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు.

దహనానికి అక్కడివాళ్ళు ఇచ్చింది కొద్దిసేపే. హాల్లో వరసగా కుర్చీలు, తలుపు దగ్గర నల్లకోటు వేసుకున్న మనిషి. పెట్టెలో ఆయన మొహానికి ఏదో రంగు పూశారు. పెళ్ళినాడు కూడా అంత తెల్లగా లేడు. నేను పెట్టె మీదికి వంగి నోరు తెరిచాను. మా అమ్మాయి వెనకనుంచి నా భుజం నొక్కింది.

"అమ్మా, ప్లీజ్. పక్క హాల్లో వేరేవాళ్ళ ఫ్యూనరల్ జరుగుతోంది. గట్టిగా వద్దు."

నోరు మూసుకున్నాను. బయటికి రావలసింది వెనక్కి వెళ్ళి ఎక్కడ కూర్చుందో గానీ, ఆ తర్వాత కన్నీళ్ళు వచ్చాయి, రాగం రాలేదు. స్నానాల గదిలో కుళాయి తిప్పి పెట్టి చూశాను. ఒక్కదాన్నే ఎలా ఏడవను? ఎత్తుకోవడానికి ఒకరు, అందుకోవడానికి ఒకరు ఉండాలి. ఎవరూ ఏడవని శవం దిక్కులేని శవం అనేది మా అత్త. కూతురూ అల్లుడూ మనవరాలూ అందరూ ఉండి కూడా ఆయన దిక్కులేని శవంలా వెళ్ళాడన్న బాధ నన్ను తినేస్తూ ఉండేది. అన్నం సహించేది కాదు.

అలా ఉండగా ఒక ఆదివారం వచ్చింది. మా అమ్మాయికి ఆఫీసులో మేనేజరు ఒక తెల్లావిడ. ఆవిడ భర్త గిటారు వాయిస్తూ పాడతాడట. వెర్రిబీ అని పక్క ఊళ్ళో ఒక హాల్లో పాట కచేరీ పెట్టుకున్నారు, ఇంట్లో వాళ్ళను కూడా తీసుకురమ్మని పిలిచింది.

"అమ్మమ్మా, యు విల్ స్లీప్. ఫోక్ మ్యూజిక్ అంటే వెరీ స్లో," అంది మనవరాలు. తను రానంది.

"నిద్రొస్తే నిద్రపోతాలే. మీ ఇంట్లో మేలుకుని మాత్రం ఏం ఉద్ధరిస్తున్నా?" అన్నాను.

కారెక్కిన దగ్గర్నుంచీ మా అమ్మాయి ఒకటే పాట. "మా మేనేజర్ వాళ్ళాయన అమ్మా. అర్థం కాకపోయినా కొంచెం నవ్వుతూ కూర్చో."

హాల్లో అంతా ముసలివాళ్ళే. చేతుల్లో టీ కప్పులు. గిటారాయన కూడా ముసలివాడే, సన్నగా, తెల్లగడ్డంతో ఉన్నాడు. పాడేముందు ఒక్కో తీగనూ మెలితిప్పి, చెవి వంచి విని, మళ్ళీ మెలితిప్పుతూ చాలాసేపు గడిపాడు. మావైపు డప్పులవాళ్ళు మంట దగ్గర డప్పు కాగబెట్టి, వేలితో కొట్టి చూసుకుని, మళ్ళీ కాగబెడతారే, అలాగ. అప్పుడే ఆ మనిషి మీద నాకు గురి కుదిరింది.

కొన్ని పాటలయ్యాక ఆయన ఏదో చెప్పాడు. మా అమ్మాయి చెవిలో చెప్పింది.

"ఇది ఇంగ్లీషు కాదంటమ్మా. వెల్ష్. ఇంగ్లండ్ పక్కన వేల్స్ అని ఒక దేశం, అక్కడి భాష. ఆయన నాయనమ్మది ఆ భాషేనంట. పాత కవిత్వానికి ఈయనే ట్యూన్ కట్టాడంట."

"ఏం కవిత్వం?"

"ఒకావిడ హస్బెండు గొర్రెల కోసం మంచులోకి వెళ్ళి తిరిగి రాడు. ఆవిడ ఇంట్లో వస్తువులన్నిటినీ అడుగుతూ ఉంటుంది, మా ఆయనేడీ అని. తలుపునీ, చేతికర్రనీ, కుక్కనీ. ష్, స్టార్ట్ చేశాడు."

కళ్ళు మూసుకుని పాడాడు. ఆయన గొంతు కూడా గరగరే. ఒక్క మాట నాకు తెలిస్తే ఒట్టు. కానీ ఆ పాట నడక తెలుసు. పైకి లేచేది, చివరికి జారేది, జారినచోట వణుకుతూ ఆగిపోయేది. తలుపును అడిగాడు కాబోలు, ఆగాడు. కర్రను అడిగాడు కాబోలు, ఆగాడు. మేమూ ఏడ్చేటప్పుడు ఒక మాట అని ఊపిరి కోసం ఆగుతాం. ఆ ఆగినచోటే పక్కవాళ్ళు అందుకుంటారు.

ఇక్కడ ఎవరూ అందుకోవడం లేదు. కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, కప్పులు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు. చావింటికి వచ్చి కుర్చీలో కూర్చుని చూసేవాళ్ళుంటారా? ఆ ముసలాయన ఆగుతున్నాడు, ఎవరూ రాక మళ్ళీ తనే మొదలుపెడుతున్నాడు. నాకు ప్రాణం పోతున్నట్టయింది.

లేచాను. మా అమ్మాయి కొంగు పట్టుకుంది. "ఎక్కడికమ్మా? బాత్రూం అటు కాదు!"

కొంగు లాక్కున్నాను. వెళ్ళి ఆయన మెడ మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు గానీ వేళ్ళు ఆపలేదు. ఆయన ఆగినచోట నేను అందుకున్నాను.

"ఓ నా మావో... నువ్వు తాగిన గ్లాసు తాగినట్టే ఉంది, ఏ బండెక్కి పోయావు మావో... ఎర్రబండోడు హారన్ కొడతన్నాడు, చెయ్యెత్తే మనిషి లేడని నేనెట్టా చెప్పను మావో... మొగానికి రంగేసి పంపారు మావో, ఆడ మీయమ్మ నిన్ను గుర్తుపట్టిందా మావో..."

కడుపులోంచి పెళ్ళగించుకుని వచ్చింది. అక్కడిదాకా చెప్పి ఊపిరి కోసం ఆగాను. ఇంకా చాలా ఉంది. ఆయన తిట్లున్నాయి, ఆయన అలకలున్నాయి, నాకు జ్వరమొస్తే మాడ్చిపెట్టిన జావ ఉంది. అవన్నీ చెప్పాలి. ఆగి, మా అమ్మాయి వైపు చూశాను.

చప్పట్లు కొట్టారు.

ముందు ఎవరో ఒకరు, ఆ వెంటనే హాలంతా. కొందరు లేచి నిలబడి మరీ కొట్టారు. నేను చేసింది కూడా పాటలో ఒక భాగమే అనుకున్నారు. ముసలాయన ఒక్కడే కొట్టలేదు. తీగల మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి మోత ఆపేశాడు. మెడ మీదున్న నా చెయ్యి తీసి తన రెండు చేతుల్లో పెట్టుకుని ఏదో అన్నాడు. ఇంగ్లీషో, వాళ్ళ నాయనమ్మ భాషో. నాకు రెండూ ఒకటే. ఆ చప్పట్లకు నా రాగం అక్కడే తెగిపోయింది.

మేనేజరు పరుగున వచ్చి నన్ను వాటేసుకుంది. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. మా అమ్మాయితో గబగబా ఏదో చెప్పింది. అప్పటిదాకా పాలిపోయి ఉన్న మా అమ్మాయి మొహం వెలిగింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో దాని మాటలకు అడ్డే లేదు.

"నా జాబ్ పోయిందే అనుకున్నా. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. కానీ అమ్మా, అందరికీ ఎంత నచ్చిందో! వచ్చే నెల మళ్ళీ పాడతారా అని మా మేనేజర్ అడిగింది. ఆయన గిటారు, నువ్వూ. ముందే ప్రాక్టీస్ కూడా పెట్టుకుందామంది."

"ఏం పాడాలి?"

"అదే. ఇందాకటిదే."

"మీ నాన్న ఎన్నిసార్లు చావాలే?"

అది గభాల్న నావైపు చూసి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది. కొంచెం దూరం పోయాక గొంతు తగ్గించి అడిగింది.

"మరి నాన్న పోయినప్పుడు అలా ఏడవలేదేం? రాయిలా కూర్చున్నావ్. మీ అమ్మకు బాధ లేదా అని నన్నడిగారు అందరూ."

"నువ్వే వద్దన్నావుగా."

"నేనా? ఎప్పుడు?"

అది నటన కాదు. నిజంగానే గుర్తులేదు దానికి. ఇన్నాళ్ళు నా గొంతు మీద కూర్చున్న మాట, అన్నదానికి అన్నట్టే తెలియదు. ఇంక దాన్ని ఏమని తిట్టను?

ఇంటికొచ్చి, బియ్యం కడుగుతూ, తెగినచోట మళ్ళీ ఎత్తుకుందామని చూశాను. నోటికి ఆ ముసలాయన రాగమే వస్తోంది, నాది రావడం లేదు. ఆ రాగంలో నా మాటలు ఇమడవు. సగం ఏడ్చి ఆపిన చావు, అసలు ఏడవని చావు కన్నా బరువు. అది మాత్రం తెలిసింది.

మా అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. మళ్ళీ కచేరీ సంగతే ఎత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు. కాసేపు నీళ్ళల్లో నా చేతులు చూసింది. తర్వాత చెయ్యెత్తి, ఎక్కడ వెయ్యాలో తెలియక భుజం మీద వేసి, తీసి, మెడ మీద వేసింది.

"ఎలా మొదలుపెడతారమ్మా?"

"పిలవాలి."

"ఏమని?"

"ఎప్పుడూ ఏమని పిలిచేదానివో అదే."

"నాన్నా," అంది. పక్కగదిలో ఉన్న మనిషిని అన్నానికి రమ్మన్నట్టే అంది. ఆ తర్వాత మాట దొరకలేదు. నోరు తెరిచే ఉంది గానీ, అందులోంచి పొడిదగ్గులాంటిది వచ్చింది. అందుకోవడానికి దాంట్లో రాగం లేదు. నేను చేతులు బియ్యపు నీళ్ళల్లోనే ఉంచుకుని, ఆగాను.