కుడి వెనక టైరు లోపలి అంచు

2006లో ఇల్లినాయ్ రాష్ట్రం మొత్తం మీద, టైరు మీద అరచెయ్యి వేసి ఆ కారు ఎలా నడుస్తోందో, దాన్ని నడిపేవాడి స్వభావం ఏమిటో చెప్పగలిగిన మనిషిని నేనొక్కణ్ణే. నేపర్‌విల్ ఊరి అంచున, రైలు స్టేషనుకి వెళ్ళే దారిలో ఉన్న ఒక టైర్ల షాపులో వీల్ అలైన్‌మెంట్ నా పని. చక్రాలు కొలిచే మెషిన్ ఒకటి చెప్పి నేను ఇంకొకటి చెబితే మా ఓనరు స్టాన్ నా మాటే నమ్మేవాడు. ఆ మెషిన్ తయారుచేసిన కంపెనీవాళ్ళు కూడా అనుమానం వస్తే నాకే ఫోన్ చేసేవారు.

ఆ ఏడాది వసంతంలో నన్ను తిప్పలు పెట్టిన కారు ఒకటుంది. దాని సంగతి చెప్పేముందు నా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇన్నేళ్ళలో నన్ను అడిగినవాళ్ళలో సగం మంది అలైన్‌మెంట్ అంటే టైర్లలో గాలి కొట్టడమనే అనుకున్నారు.

కారుకి ఎదురుగా నిలబడి చూస్తే చక్రం నిటారుగా ఉందా, దాని పైభాగం లోపలికో బయటికో వాలిందా అన్నది క్యాంబర్. పైనుంచి చూస్తే చక్రాలు సూటిగా ముందుకు చూస్తున్నాయా, పక్కచూపులు చూస్తున్నాయా అన్నది టో. క్యాంబర్ కాస్త తేడాగా ఉన్నా టైరు ఓర్చుకుంటుంది. టో తేడా వస్తే మాత్రం టైరు పూర్తిగా దొర్లదు, కొంత ఈడ్చుకుంటూ పోతుంది. రోడ్డు దాన్ని కొబ్బరి కోరినట్టు కోరేస్తుంది. అప్పుడు టైరు మీద చెయ్యి ఒక వైపు నిమిరితే నున్నగా, రెండో వైపు నిమిరితే ఆకురాయిలా తగులుతుంది. నేను అరచేత్తో పసిగట్టేది అదే.

ఆ రోజుల్లో కుర్రకారుకి లోయరింగ్ పిచ్చి ఉండేది. కారు నేలని రాసుకుంటూ పోతున్నట్టు కనిపించాలని, కంపెనీ ఇచ్చిన స్ప్రింగులు పీకేసి పొట్టివి వేయించేవాళ్ళు. కారు కిందికి దిగితే చక్రాల పైభాగాలు లోపలికి వాలతాయి, టో కూడా చెదురుతుంది. అందుకని స్ప్రింగులు మార్చి కొన్నాళ్ళు నడిపాక, అవి సర్దుకున్నాక, అలైన్‌మెంట్ చేయించాలి. చేయించకపోతే టైర్ల లోపలి అంచులు అరిగిపోతాయి. బయటి నుంచి చూస్తే టైరు కొత్తదానిలాగే ఉంటుంది. కారు పైకెత్తితేనే గుట్టు బయటపడుతుంది.

మేఘన అలా వచ్చింది. కమ్యూనిటీ కాలేజీలో చదువుతున్న పిల్ల. రెండు డోర్ల చిన్న కారు, అప్పటికే పాతది. పొట్టి స్ప్రింగులు ఎవరు వేశారని అడిగితే, "నేనే అంకుల్, మా గరాజ్‌లో" అంది. గోళ్ళ కింద గ్రీజు చూసి నమ్మాను. వెంట వచ్చిన తండ్రి ప్రభాకర్ గారు సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. అరిగిన వెనక టైర్లని ఆయన నేరస్తుణ్ణి చూపించినట్టు చూపించాడు. రెండూ లోపలి వైపే అరిగాయి. కుడిదాని లోపలి అంచున స్టీలు తీగలు బయటపడ్డాయి.

కొత్త టైర్లు వేసి, అలైన్‌మెంట్ చేసి, స్క్రీను మీద అంకెలన్నీ పచ్చగా వచ్చాక పంపించాను. పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రగా ఉంటే తేడా ఉన్నట్టు. వేసవి ముగిసేలోపు మళ్ళీ వచ్చారు. మళ్ళీ అదే అరుగుదల, మళ్ళీ కుడి వెనకదే ముందు. బండిని పైకెత్తే ర్యాక్ మీద పెట్టి చూస్తే అంకెలు నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. బుష్‌లు చూశాను, బేరింగ్ చూశాను, చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ ఏమైనా వంగిందేమోనని తడిమి తడిమి చూశాను. ఏదీ లేదు. అన్నీ సరిగ్గా ఉన్న కారు టైర్లు తినడం నా సర్వీసులో అదే మొదలు. కుడివైపే ఎందుకు ఎక్కువ అన్నది నన్ను అన్నం తిననివ్వలేదు. మా ఆవిడ పప్పు వడ్డిస్తుంటే ఎడమ, కుడి అని గొణుక్కుంటున్నానట.

మరో జత టైర్లు వేశాం. ఆకులు రాలే రోజుల్లో ముగ్గురూ వచ్చారు, ఈసారి మేఘన తల్లి విజయలక్ష్మి గారు కూడా. ప్రభాకర్ గారు నన్ను పక్కకి పిలిచి, "సత్యం గారూ, ఇది లాస్ట్. ఈసారి కూడా తినేసి ఉంటే కారు అమ్మేస్తున్నా. నాలుగు స్ప్రింగులు సరిగా బిగించడం రానిదానికి మెకానికల్ ఇంజనీరింగ్ ఎందుకండీ, బుద్ధిగా ఫార్మసీలో చేరమన్నాను" అన్నాడు. అప్పుడర్థమైంది, కారు ఒక్కటే కాదు, ఆ పిల్ల చదువు కూడా ఆ టైరు అంచుకే వేలాడుతోందని. నేను అడ్డుపడ్డాను. తొందరపడకండి, పిల్ల పనిలో తప్పు లేదు, నేను తేలుస్తాను అని గట్టిగానే చెప్పాను.

కారు ఎత్తితే అదే కథ. కుడి వెనక టైరు లోపలి అంచు బోడిగుండులా ఉంది. మేఘన టైరు వైపు చూడలేదు, నా మొహం వైపు చూసింది.

ఇక్కడి నుంచి నేను విందుల్లో ఎలా చెబుతానంటే, నెమ్మదిగా నడిచి వెనక్కి వెళ్తాను. డిక్కీ తెరుస్తాను. లోపల ఖాళీ. కార్పెట్ మీద కుడిపక్క గుండ్రంగా నొక్కుకుపోయిన గుర్తు, దాని అంచున ఎండిన తెల్లటి మరక. వేలితో గీకి వాసన చూస్తాను. పులిసిన పిండి. లేచి నిలబడి, "ఈ కారులో గ్రైండర్ ఉండాలే, ఏదీ?" అంటాను. అందరూ నోళ్ళు తెరుస్తారు. ఈ ముక్క దగ్గర వింటున్నవాళ్ళు కూడా తెరుస్తారు.

జరిగింది అది కాదు. డిక్కీ నేను తెరవలేదు, మరకా చూడలేదు. మెషిన్ కంపెనీవాళ్ళు ఫోన్ చేసిన మాట నిజమే గానీ, సాఫ్ట్‌వేర్ రెన్యువల్ చేయించుకోమని చేశారు. స్టాన్ మెషిన్ మాటే నమ్మేవాడు. నన్ను నమ్మింది మంచు తుడవడానికి మాత్రమే. పైగా ఆ కారు సంగతి తేల్చింది నేను కాదు, వెయిటింగ్ రూములో కాఫీ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్న విజయలక్ష్మి గారు.

ఆవిడ తలుపు దగ్గరికి వచ్చి, "అన్నయ్య గారూ, ఇవాళ వచ్చేటప్పుడు మా వీధి చివర స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద రాసుకోలేదండీ. ఎప్పుడూ గరగరమంటుంది. గ్రైండర్ దింపేసినందుకేమో" అన్నారు.

ఏ గ్రైండర్ అని అడిగితే కథంతా బయటికి వచ్చింది. వారం వారం గుడి క్యాంటీన్‌లో ఇడ్లీకి పిండి రుబ్బేది ఆవిడే. అక్కడి గ్రైండర్ పాడైతే తన రాతి గ్రైండర్, పెళ్ళిళ్ళకి రుబ్బే సైజుది, తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. భర్తకి కొత్త పెద్ద బండి ఉంది గానీ, అందులో లెదర్ సీట్లు. పిండి వాసన పడితే పోదని ఆయన ఎక్కించనివ్వలేదు. అందుకని గ్రైండరూ, బియ్యం బస్తాలూ, మినపప్పు బస్తా మేఘన డిక్కీలోకి చేరాయి. అంత బరువు ప్రతిసారీ ఎవరు దింపుతారని వారమంతా అక్కడే ఉంచేశారు. డిక్కీలో ఎడమపక్క మేఘన పాటల పెట్టె బిగించి ఉంది కాబట్టి బరువంతా కుడిపక్కకే. గుడికి వెళ్ళేటప్పుడు ఆవిడ కూడా వెనక సీట్లో కుడివైపే కూర్చునేవారు, నానిన పప్పు గిన్నె ఒలకకుండా పట్టుకుని.

మరి షాపుకి వచ్చినప్పుడల్లా ఖాళీగా ఎందుకు తెచ్చారంటే, ప్రభాకర్ గారు కొంచెం నొచ్చుకున్నట్టు, "బయటివాళ్ళకి ఇచ్చే బండి కదండీ, చెత్తంతా పెట్టుకుని ఎలా తెస్తాం" అన్నాడు. మూడుసార్లూ నడుం పట్టేసినా తనే దింపాడట, కార్పెట్ కూడా దులిపించాడట. నాకు కోపం రాలేదు. పనిమనిషి వచ్చేలోపు ఇల్లు ఊడ్చేసే జాతి మనది. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు దగ్గు తగ్గించుకుని వెళ్ళినట్టయింది, అంతే.

ఆవిడ మాట వినగానే నా బుర్రలో దీపం వెలిగింది. మేఘనని ఇంటికి పంపి, ఉన్నవన్నీ ఉన్నట్టుగా ఎక్కించుకు రమ్మన్నాను. తండ్రీకూతుళ్ళు వెళ్ళి తెచ్చారు. కారుని ర్యాక్ మీదికి ఎక్కించి, నాలుగు చక్రాలకీ టార్గెట్లు తగిలించాం. అవి కెమెరాలకి ఆనవాళ్ళు, వాటిని చూసే మెషిన్ కొలుస్తుంది. కస్టమర్లు లోపలికి రాకూడదని మా షాపు రూలు. స్టాన్ బయట ఎవరితోనో మాట్లాడుతున్నాడు గనక విజయలక్ష్మి గారిని వెనక సీట్లో కుడివైపు కూర్చోమన్నాను. చేతిలో గిన్నె లేకపోతే ఆవిడకి తోచలేదు కాబోలు, హ్యాండుబ్యాగు రెండు చేతులతో పొట్ట దగ్గర పట్టుకుని కదలకుండా కూర్చున్నారు.

మేఘన స్టీరింగ్ ముందు కూర్చుంది. నేను స్క్రీను వైపు చూశాను.

నేను అంతకుముందు రెండుసార్లు పచ్చగా చూసిన అంకెలు వెనక రెండు చక్రాలకీ ఎర్రబడ్డాయి. కుడిదాని టో మరీ ఘోరం. బరువుకి పొట్టి స్ప్రింగు ఇంకా కుంగిపోయి, చక్రం పైభాగం లోపలికి వాలి, ముందు అంచు బయటికి తిరిగింది. ఆ కారు బతికేది అలా, నేను కొలిచింది ఇలా. కంపెనీ స్ప్రింగులైతే పొడవుగా ఉంటాయి కనక అంత బరువుని కొంత కాసేవి. పొట్టివి వేసినప్పుడు ఆ వెసులుబాటు పోతుంది.

ప్రభాకర్ గారు స్క్రీనుకి దగ్గరగా వచ్చి చూశాడు. ఎర్ర అంకె చూశాడు, డిక్కీ చూశాడు, బయట పార్కింగులో మెరుస్తున్న తన పెద్ద బండిని చూశాడు.

"అయితే బిగించడంలో తప్పేం లేదా?" అన్నాడు.

"ఒక్క బోల్టు కూడా తప్పు లేదండీ" అన్నాను.

కారులోంచి మేఘన, "నాన్నా, గ్రైండర్ ఇక నీ కార్‌లోనే" అంది. విజయలక్ష్మి గారు ముందు సీట్ల మధ్యలోంచి తల పెట్టి, ఇక దిగొచ్చా అని అడిగారు.

వెనక ఆర్మ్‌లు తీసి, సర్దుబాటు చేసుకోగలిగేవి వేశాం. సగం బరువు పెట్టి, డ్రైవర్ సీట్లో మేఘనని కూర్చోబెట్టి, టో మళ్ళీ దిద్దాను. ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా మరీ చెడిపోకుండా మధ్యస్థంగా పెట్టడమన్నమాట. గ్రైండర్ పెద్ద బండిలోకి మారింది. ఆ చలికాలం దాటాక మేఘన కారు తెస్తే, కుడి వెనక టైరు మీద చెయ్యి వేశాను. ముందుకి నిమిరినా వెనక్కి నిమిరినా ఒకేలా నున్నగా ఉంది. ఆ పెద్ద బండి ఆయిల్ మార్చడానికి వస్తే మాత్రం, తలుపు తెరిచిన ప్రతి మెకానిక్కీ ఇడ్లీ గుర్తొచ్చేది. మేఘన మెకానికల్‌లోనే చేరింది. ఇప్పుడు డెట్రాయిట్ దగ్గర ఒక కార్ల కంపెనీలో, స్ప్రింగులూ ఆర్మ్‌లూ తయారుచేసే సస్పెన్షన్ విభాగంలో పనిచేస్తోంది.

ఆ కారు నాకు నేర్పింది ఒకటే. నా ర్యాక్ మీదికి వచ్చిన బండి రోజూ రోడ్డు మీద తిరిగే బండి కాకపోవచ్చు. దాని మీద ఎవరు ఎక్కడ కూర్చుంటారో, లోపల ఏమి మోస్తుందో తెలియకుండా పచ్చటి అంకెలు చూసి మురిసిపోకూడదు. రిటైరయ్యేదాకా తాళం చేతులు ఇచ్చిన ప్రతి తెలుగువాణ్ణీ నేను మొదట అడిగిన ప్రశ్న, నిన్నటిదాకా డిక్కీలో ఏముంది అని. కొందరు సిగ్గుపడేవారు. ఒకాయన మాత్రం ఇంటికి వెళ్ళి అత్తగారిని తీసుకొచ్చాడు.

ఇది రాశాక, సాంకేతికమైన తప్పులేమైనా దొర్లాయేమోనని మేఘనకి వినిపించాలనుకున్నాను. ఆ పిల్లకి తెలుగు చదవడం రాదు. విజయలక్ష్మి గారే ఫోనులో చదివి వినిపించారు. మర్నాడు మేఘన నాకు ఫోన్ చేసింది. క్యాంబర్, టో, అన్నీ కరెక్టే అంది. నేను సంతోషించాను.

"కానీ అంకుల్, అమ్మ స్పీడ్ బంప్ గురించి చెప్పినప్పుడు మీరు నవ్వారు. గ్రైండర్‌కీ టైర్‌కీ ఏం సంబంధం తల్లీ అన్నారు. వెళ్ళి తెస్తానని అన్నది నేను. మీరు లంచ్‌కి వెళ్ళిపోయారు."

చాలా ఏళ్ళయింది కదమ్మా, అంత వివరంగా ఎవరికి గుర్తుంటుంది అన్నాను.

"నాకు గుర్తుంది. ఇంకోటి కూడా. నాన్న కార్ అమ్మేస్తా అంటే మీరు ఆపలేదు. మంచి పని, కొనడానికి నా దగ్గర మనిషి ఉన్నాడు అని చెప్పింది మీరే."